మహోన్ రేవు ప్రపంచంలో రెండోది కాదు, మధ్యధరా దీవుల్లో కూడా మొదటిది కాదు

స్పెయిన్‌కు చెందిన మెనోర్కా దీవిలోని మహోన్ రేవు ఫొటో కింద ఒక రాత చాలాకాలంగా చేతులు మారుతోంది: "ఇది ప్రపంచంలో రెండో అతిపెద్ద సహజ రేవు. ఇంత పెద్దది కాబట్టే బ్రిటిష్ వాళ్లు దీనికోసం యుద్ధాలు చేశారు. మనిషి చెయ్యి పడనిది. శత్రువుకు ఎన్నడూ లొంగనిది." ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలవదు.

ముందు కొలతలు చూద్దాం. రేవు పొడవు సుమారు 5 కిలోమీటర్లు. బాగా వెడల్పున్న చోట కూడా కిలోమీటరుకు అటూఇటూ. ఈ రెండూ గుణించినా ఐదారు చదరపు కిలోమీటర్లకు మించదు. రేవు వేలులా సన్నగా ఉంటుంది కాబట్టి అసలు నీటి వైశాల్యం అంతకన్నా తక్కువే. సిడ్నీ రేవు దాదాపు 55 చదరపు కిలోమీటర్లు, మాంటెనెగ్రోలోని కోటార్ అఖాతం 87, ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ సుమారు 180. అంత దూరం పోనక్కర్లేదు, మధ్యధరాలోనే క్రీట్ దీవిలో ఉన్న సూదా అఖాతం పొడవు దాదాపు 15 కిలోమీటర్లు, వెడల్పు 2 నుంచి 4. "రెండోది" అనేవాళ్లు వైశాల్యంలోనా, పొడవులోనా, లోతులోనా అన్నది ఎప్పుడూ చెప్పరు. ఏ కొలతో చెప్పకుండా స్థానం ఇవ్వడం కుదరదు.

మరి బ్రిటిష్ నౌకాదళానికి ఇది ఎందుకు కావలసి వచ్చింది? దాని ఆకారం కోసం, అది ఉన్న చోటు కోసం. దీవి ఉత్తరాన ముదురు రంగు పాత రాయి, దక్షిణాన తెల్లని సున్నపురాయి. ఆ రెండూ కలిసే గీత మీద ఏర్పడిన లోయలోకి సముద్రం చొచ్చుకొచ్చింది. అందుకే నీరు లోతు, ఒడ్డు నిటారు. ఊరేమో పైన గట్టు మీద, ఓడలేమో దాని కాళ్ల దగ్గర. 'త్రముంతానా' అనే ఉత్తరగాలి బయట సముద్రాన్ని చిలికేస్తున్నా లోపల ఓడలు లంగరు మీద నిలుస్తాయి. ఫ్రెంచి నౌకాదళ స్థావరమైన తూలోన్ ఇక్కడికి 400 కిలోమీటర్ల లోపే. చలికాలం ఇంగ్లండ్‌కు తిరిగి పోకుండా ఇక్కడే ఉండి దాని మీద కన్నేసి ఉంచవచ్చు.

ఆ ఆకారానికి ఒక ఇబ్బందీ ఉంది. రేవు ముఖద్వారం ఇరుకు, చూసేది ఆగ్నేయానికి. ఎదురుగాలి వీస్తే తెరచాప ఓడ అటూఇటూ మలుపులు తీసుకుంటూ బయటపడటానికి అంత చోటు ఉండదు. అలాంటప్పుడు చిన్న లంగరును పడవలో ముందుకు తీసుకెళ్లి దించి, ఓడ మీది రాట్నానికి లంగరు తాడును చుట్టుకుంటూ ఓడను లాగాలి. మళ్లీ లంగరెత్తి ఇంకాస్త ముందు దించాలి. లేదా గాలి తిరిగేదాకా కూర్చోవాలి.

"మనిషి చెయ్యి పడనిది" అన్నదీ తప్పే. ఫొటోలో కనిపించే లాట్జరెట్ దీవి 1900 దాకా దీవే కాదు, ద్వీపకల్పం. ఆ ఏడాది కాలువ తవ్వి విడదీశారు. సహజ రేవు అంటే తవ్వకమే లేనిదని కాదు, అలల నుంచి కాపు నేలే ఇచ్చినదని. మన విశాఖ లోపలి హార్బరు కూడా డాల్ఫిన్స్ నోస్ చాటున ఉన్న బురదనేలను తవ్వి 1933లో తెరిచిందే.

ఇక లొంగకపోవడం సంగతి. 1708లో దీవిని బ్రిటన్ పట్టుకుంది. 1756లో ఫ్రాన్స్ లాక్కుంది. 1763లో సంధితో మళ్లీ బ్రిటన్‌కు వచ్చింది. 1782లో స్పెయిన్, 1798లో మళ్లీ బ్రిటన్, 1802లో మళ్లీ స్పెయిన్. ముఖద్వారం దగ్గరి సాన్ ఫెలిప్ కోట సముద్రం వైపు గట్టిదే, కానీ దాడి చేసేవాళ్లు రేవులోంచి రావాల్సిన పనేముంది? 1756లో ఫ్రెంచి సైన్యం దీవి పడమటి కొసన సియుతదేయాలో దిగి, నేల మీదుగా నడిచొచ్చి కోటను ముట్టడించింది. 1781-82 ముట్టడిలో లోపలి బ్రిటిష్ సైనికులను విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు పీల్చేసింది, ఫిబ్రవరిలో లొంగిపోయారు. తర్వాత స్పెయిన్ ఆ కోటను తానే కూలగొట్టింది. అందుకే 1798లో ఉత్తర తీరాన దిగిన బ్రిటిష్ సైన్యం ఒక్క సైనికుణ్ణీ పోగొట్టుకోకుండా దీవినంతా స్వాధీనం చేసుకుంది.