తిరిగొచ్చిన పెద్దలకు మెడికేర్ గండి

అమెరికాలో దశాబ్దాలు కొలువు చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, విశ్రాంత జీవితానికి హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చే తెలుగువారికి సోషల్ సెక్యూరిటీ పింఛను ఇక్కడికీ అందుతుంది. 65 దాటినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ అలా కాదు. ఏళ్ల తరబడి జీతంలోంచి పన్ను కట్టినా ఇక్కడి ఆసుపత్రి బిల్లుకు అది పైసా ఇవ్వదు.

పదేళ్లు పన్ను కట్టినవారికి ఆసుపత్రి ఖర్చులు భరించే పార్ట్ ఎ ఉచితం కాబట్టి అట్టే పెట్టుకోవచ్చు. చిక్కంతా డాక్టర్ ఫీజులు, ఔట్‌పేషెంట్ చికిత్స చూసుకునే పార్ట్ బితోనే. 2026లో దాని ప్రామాణిక ప్రీమియం నెలకు 202.90 డాలర్లు. వాడుకోని బీమాకు ఎందుకు కట్టాలని చాలామంది మానేస్తారు. మానేసిన ప్రతి పూర్తి పన్నెండు నెలలకు 10 శాతం చొప్పున అపరాధ రుసుము పడుతుంది, అదీ జీవితాంతం. ఆరేళ్లు కట్టకపోతే నేటి లెక్కన నెలకు దాదాపు 122 డాలర్లు అదనం. అయితే ఆ ఆరేళ్లలో మిగిలేది 14,600 డాలర్లు. మళ్లీ చేరాక పదేళ్లు గడిస్తేగానీ రుసుము ఆ మిగులును తినేయదు. కాబట్టి రుసుముకు బెదిరిపోనక్కర్లేదు.

అసలు ప్రమాదం బీమా లేని నెలల్లో ఉంది. పార్ట్ బిలో చేరే గడువు దాటినవారికి నమోదు ఏటా జనవరి నుంచి మార్చి వరకే. జబ్బుపడి ఏప్రిల్‌లో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళితే మరుసటి జనవరిలో దరఖాస్తు పెట్టాలి, బీమా ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఈలోగా పార్ట్ ఎ ఆసుపత్రి ఖర్చు భరిస్తుందేమోగానీ సర్జన్ ఫీజు, ఔట్‌పేషెంట్ కీమో సొంత డబ్బుతోనే. భారత్‌లో సొంతంగా కొన్న పాలసీ ఉన్నా ఈ గడువులో మినహాయింపు దొరకదు. తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవారు ఇక్కడ ఉండగానే, ప్రయాణానికి ముందొచ్చే జనవరి–మార్చిలో చేరిపోవడం మేలు. మెడికేర్‌కు తోడుగా ప్రైవేటు కంపెనీలు అమ్మే మెడిగ్యాప్ పాలసీల్లో కొన్నింటికి విదేశీ అత్యవసర చికిత్స ఉంటుంది. కానీ ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు జబ్బులకే, జీవితకాలానికి 50,000 డాలర్ల వరకే. స్థిరపడినవారికి అది పనికిరాదు.

ఇక్కడి పాలసీ విషయంలో ఆలస్యమే అసలు నష్టం. 65 దాటినవారితో సహా అన్ని వయసులవారికీ పాలసీలు ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్‌లో నిబంధన తెచ్చింది. ముందునుంచే ఉన్న జబ్బులకు క్లెయిము ఇవ్వని వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకు మించరాదంది. అంటే మకాం మార్చడానికి మూడేళ్ల ముందే, సెలవులకు వచ్చినప్పుడు వైద్య పరీక్షలు చేయించుకుని కొంటే దిగేనాటికి ఆ గడువు తీరిపోతుంది. విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికి, అంటే ఓసీఐ కార్డుదారులకు పాలసీ ఇచ్చే కంపెనీని ముందే వాకబు చేసుకోవాలి. షుగరు, బీపీ, స్టెంటు ఏదీ దాచకూడదు. క్లెయిములు తిరస్కరణకు గురవడానికి అదో పెద్ద కారణం. అరవై దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ఐఆర్‌డీఏఐని ముందుగా సంప్రదించాలన్న 2025 జనవరి ఆదేశం వృద్ధులకు నిజమైన ఊరట.

విదేశం నుంచి అమెరికాకు తిరిగి వెళ్లిన పౌరుడు మందుల బీమా అయిన పార్ట్ డిలో చేరేందుకు అమెరికా రెండు నెలల ప్రత్యేక గడువిస్తోంది. పార్ట్ బికీ అదే వెసులుబాటు ఇవ్వాలని అమెరికన్ కాంగ్రెస్‌ను అక్కడి తెలుగు సంఘాలు గట్టిగా అడగాలి.