పన్నెండడుగుల అశ్రునివాళి

మొన్న గుంటూరు లాడ్జి సెంటర్లో ఆటో దిగి తలెత్తితే ఎదురుగా పన్నెండడుగుల అశ్రునివాళి ఫ్లెక్సీ. నిలువెత్తు మనిషొకాయన చేతులు జోడించి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. పాపం ఈయనే పోయారు కాబోలని దండం పెట్టబోయా. ఆయన నాయకుడట. కింద రెండు వరుసల్లో నల్లద్దాలు పెట్టుకున్న ఇరవై నాలుగు తలకాయలు అనుచరులు. అసలు పోయిన పెద్దాయన ఎడమ మూలన, ప్రింటింగు షాపు ఫోన్ నంబరు నెత్తిన, రూపాయి బిళ్లంత గుండ్రంలో సర్దుకుని ఉన్నారు.

ఇంత గొప్ప ఆచారానికి పూర్వాధారం ఉండకపోదని చరిత్ర తిరగేశా. ఉంది. ఈజిప్టు రాజు ఖుఫూ సుమారు 4,500 ఏళ్ల కిందట గిజాలో 146 మీటర్ల పిరమిడ్ కట్టించుకున్నాడు. ఆయన పేరున చెక్కుచెదరకుండా మిగిలిన బొమ్మ మాత్రం ఏడున్నర సెంటీమీటర్ల దంతపు బొమ్మ. సమాధి కొండంత, సచ్చినాయన చిటికెన వేలంత! మన ఫ్లెక్సీ శాస్త్రానికి మూలపురుషుడు దొరికాడు. చైనాలో 1974లో రైతులు బావి తవ్వుతుంటే ఆ దేశపు తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధి కాపలాకని పెట్టిన మట్టి సైనికులు బయటపడ్డారు, వేలల్లో. అనుచరుల వరుస అప్పట్నుంచే ఉందన్నమాట. రోమన్లకే ఈ భాగ్యం లేదు. క్రీ.పూ. 450 ప్రాంతంలో చట్టం చేసి, చావుకి వేణువు ఊదేవాళ్లు పదిమందికి మించకూడదన్నారు. పిసినారులు.

ఇలాంటి ఫ్లెక్సీ పుట్టడం నేను కళ్లారా చూశా. బ్రాడీపేటలో జిరాక్సు కోసం నిలబడ్డా. తెల్ల తువ్వాలు కప్పుకున్న కొడుకు, "నాన్న ఫొటో కాస్త పెద్దది చెయ్ బాబూ" అన్నాడు.

"పెద్దది చేస్తే పగులుద్దండి. ఆధార్ కార్డుది కదా."

పక్కన బండి తాళాలు తిప్పుతున్న కుర్రాడు అందుకున్నాడు. "అన్న ఫొటో మాత్రం తగ్గించబాక."

"అన్న కాస్త బాధగా ఉన్న ఫొటో ఏదన్నా ఉందా?"

"అన్నకెందుకు బాధ? ఆ నవ్వేదే పెట్టు."

పాత పుట్టినరోజు ఫైలు తెరిచారు. 'జన్మదిన శుభాకాంక్షలు' చెరిపి 'మీ మరణం మాకు తీరని లోటు' కొట్టారు. బెలూన్లు ఒక్కొక్కటే తీశారు. కేకు ఉండిపోయింది. కొడుకు వేలు పెట్టి చూపించాడు. "అది తీస్తే అన్న చెయ్యి కూడా పోద్దండి" అన్నాడు డిజైనరు. కొడుకు పెద్దకర్మ భోజనాల లెక్కలో ఉండి సరే అనేశాడు. తీరని లోటు పక్కన కేకు కోస్తూ అన్న వారం రోజులు సెంటర్లో వేలాడాడు.

పేరు మీద మోజు కొత్తదేం కాదులెండి. మన భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే తవ్విస్తే రాతి భరిణెలూ, వాటిలో స్ఫటికపు భరిణెలూ దొరికాయి. బుద్ధుడి ధాతువుల కోసం, అంటే అస్థికల కోసం, ఆ భరిణెలు చేయించినవాళ్లు తమ పేర్లు వాటి మీద చెక్కించుకున్నారు. కాకపోతే చెక్కించి, మూతేసి, పైన స్తూపం కట్టేశారు. రెండువేల ఏళ్ల పైచిలుకు ఒక్క కన్నూ వాటి మీద పడలేదు. ఫ్లెక్సీ వేయించి శవంతో పాటు పూడ్చేయమంటే అన్న ఒప్పుకుంటాడా?

ఆ అన్నదే మా ఊరు కూడా. అక్కడ దళితవాడ వాళ్లు పూడ్చుకునే చోటికి దారి లేదు. పొలం గట్ల మీద నడిచి, కాలవలో దిగి పోవాలి. దారి కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టిన పెద్దాయన కిందటి వానాకాలం పోయాడు. ఆయన్నీ ఆ కాలవలోంచే, మొలలోతు నీళ్లలో, పాడె నెత్తికెత్తుకుని మోశారు. ముందు పట్టిన కుర్రాడి కాలు జారితే ఒడ్డున ఆడవాళ్లు పెట్టిన కేక నా చెవుల్లో ఇంకా ఉంది. అన్న మూడుసార్లొచ్చి "చూద్దాం" అన్నాడు. ఏం చూస్తావయ్యా? నాలుగడుగుల బాటకి నాలుగు ట్రాక్టర్ల మట్టి పోయించలేని మొహానికి పన్నెండడుగుల కన్నీళ్లా? బతికినన్నాళ్లూ ఊరి బయట ఉంచారు, చచ్చాక కాలవలో నడిపిస్తున్నారు. సిగ్గు లేదూ!

ఆ రోజు వాన విడవలేదు. కాలవ దాటాక, పెద్దాయన మొహం తడవకుండా పాడె మీద ఓ పాత ఫ్లెక్సీ నాలుగు మూలలా ఎత్తి పట్టుకున్నారు. నేను వెనక నడుస్తున్నా. ఫ్లెక్సీ బొమ్మ లోపలివైపుంది. శవం మొహానికి సరిగ్గా ఎదురుగా అన్న నవ్వుతున్నాడు.