తెప్ప తగలేసే తొందర

2025 నవంబరు 27, గురువారం తెల్లవారుజాము దాకా మేలుకుని, చివరికి టీవీ కట్టేసి దుప్పటి ముసుగేసుకున్న తెలుగు అభిమానులకు స్కోరు మళ్లీ చెప్పి పుండు మీద కారం చల్లడం మా ఉద్దేశం కాదు. అయినా రాయక తప్పదు. తన ఆన్‌ఫీల్డ్ మైదానంలో, సొంత జనం ముందు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ 4-1తో నెదర్లాండ్స్ జట్టు పీఎస్‌వీ చేతిలో చిత్తయింది. దానికి నాలుగు రోజుల ముందు అదే పచ్చిక మీద నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 3-0తో కొట్టిపోయింది. అంతకుముందు మాంచెస్టర్ సిటీ కూడా 3-0తోనే మట్టి కరిపించింది. వరసగా మూడు మ్యాచ్‌ల్లో మూడేసి గోల్స్ తేడాతో ఓడటం ఈ క్లబ్‌కు 1953 డిసెంబరు తర్వాత ఇదే మొదలు. సెప్టెంబరు చివరి నుంచి ఆడిన పన్నెండింటిలో తొమ్మిది పోయాయి. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో అప్పటికి పన్నెండు ఆటలకు పద్దెనిమిది పాయింట్లు, పన్నెండో స్థానం. డిఫెండింగ్ ఛాంపియన్ల జాతకం ఇది.

మమ్మల్ని కలవరపెట్టింది ఈ ఓటములు కావు. ఆట అన్నాక ఓటములుంటాయి. ఆఖరి విజిల్ మోగకముందే ఖాళీ అయిన కుర్చీలు, ఆ కుర్చీల్లోంచి లేచిన కేకలు, తెల్లారేసరికి ‘కోచ్ స్లాట్‌ను సాగనంపండి’ అంటూ మొదలైన గోల మమ్మల్ని కలవరపెట్టాయి. అంతకు ఏడు నెలల క్రితం, 2025 ఏప్రిల్ 27న, ఇదే మైదానంలో టాటెన్‌హామ్‌ను 5-1తో ఊడ్చేసి, ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే క్లబ్‌కు ఇరవయ్యో లీగ్ టైటిల్ తెచ్చిపెట్టిన మనిషి ఆర్నె స్లాట్. ఆ రోజు భుజాల మీద ఊరేగించినవాళ్లే ఈరోజు పాడె కట్టడానికి వెదురు వెతుకుతున్నారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. వీళ్లు నడి ఏట్లో ఉండగానే అగ్గిపుల్ల గీస్తున్నారు.

స్లాట్ తప్పులేమీ చేయలేదా? చేశాడు. డిఫెన్స్ జల్లెడలా ఉంది. ప్రత్యర్థి ఫ్రీకిక్కో కార్నరో తీసుకుంటుంటే గుండెలు జారిపోతున్నాయి. బంతిని ఎత్తి కొట్టే జట్లు ఎదురైతే ఏం చేయాలో రెండు నెలలుగా జవాబు దొరకలేదు. కోచ్‌లను మార్చి మార్చి కూడా చెల్సీ కప్పులు గెలవలేదా అని కొందరు అడుగుతున్నారు. గెలిచింది. చెల్సీ చెల్సీయే, ఆ ఇంటి పద్ధతి వేరు. లివర్‌పూల్ తాను చెల్సీని కానని అరవై ఏళ్లుగా ఛాతీ విరుచుకుని చెప్పుకుంటున్న క్లబ్. ఆ మాటకు కట్టుబడుతుందా లేదా అన్నదే ఇప్పుడు తేలాలి.

ఈ ఇంట్లో వారసత్వం ఎలా సాగిందో ఒకసారి తలచుకోవాలి. 1953-54లో ఇలాగే వరసగా ఓడి, లివర్‌పూల్ రెండో డివిజన్‌కు జారిపోయింది. ఎనిమిదేళ్లు అక్కడే పడి ఉంది. 1959 డిసెంబరులో మేనేజర్‌గా బిల్ షాంక్లీ వచ్చాడు. కొత్త దొర వస్తే పాత సిబ్బందికి మూటాముల్లె సర్దుకునే గతి పట్టడం ఎక్కడైనా ఉన్నదే. షాంక్లీ ఒక్కరినీ పంపలేదు. బాబ్ పెయిస్లీ, జో ఫాగన్, రూబెన్ బెనెట్ అప్పటికే అక్కడున్నవాళ్లు. వాళ్లనే చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. ఆటగాళ్ల బూట్లు వేలాడదీసే ఇరుకు గది వాళ్ల కచేరీ సావిడి అయింది. మ్యాచ్ అయ్యాక అక్కడే చేరేవారు. ఎవడి మోకాలు నొప్పెడుతోంది, ఎవడి పరుగు మందగించింది, వచ్చే వారం ఎవరిని ఆడించాలి అన్నవన్నీ అక్కడే తేలేవి. ఎదుటి జట్టు కోచ్‌ను కూడా పిలిచి ఒక గ్లాసు పోసి, మాటల్లో పెట్టి కబుర్లు రాబట్టేవారు. ‘బూట్ రూమ్’ అని ఫుట్‌బాల్ లోకం భక్తిగా చెప్పుకునే పాఠశాల అదే.

అదే షాంక్లీ 1966లో లీగ్ గెలిచాక 1973 దాకా మరో పెద్ద కప్పు ముట్టలేదు. ఏడేళ్లు! మధ్యలో 1970లో రెండో డివిజన్ జట్టు వాట్‌ఫర్డ్ చేతిలో ఎఫ్ఏ కప్‌లో ఓడి తల దించుకున్నాడు కూడా. ఈ కాలంలో అయితే ఆ సాయంత్రమే ఉత్తర్వు చేతికొచ్చేది. అప్పటి బోర్డు ఆయన్ను కదపలేదు. ఆయన పాత జట్టును విప్పి కొత్తది కట్టుకున్నాడు. 1973లో లీగ్, యూఈఎఫ్ఏ కప్ రెండూ తెచ్చాడు. మరుసటి ఏడాది ఎఫ్ఏ కప్ గెలిచి, వేసవిలో ఎవరూ ఊహించని వేళ తనంతట తాను తప్పుకున్నాడు.

అప్పుడు బయటి నుంచి పెద్ద పేరున్నవాణ్ని తేలేదు. బూట్ రూమ్‌లో నలిగిన పెయిస్లీని, ఆయన వద్దు మొర్రో అంటున్నా, కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి సీజన్లో ఆయనకు పెద్ద కప్పేదీ రాలేదు. ఎవరూ అరవలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు. ఆయన తర్వాత ఫాగన్, 1984లో ఒకే సీజన్లో మూడు కప్పులు. 1985లో ఫాగన్ రిటైరై వెళ్లిపోతే, ఆటగాడిగా ఉన్న కెన్నీ డాల్‌గ్లిష్‌కే పగ్గాలిచ్చారు. మొదటి ఏడాదే లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ వచ్చాయి. నలుగురు పెద్దలు, ముప్పై ఏళ్లు, ఒక్క తొలగింపు లేదు. క్లబ్ దస్తావేజుల్లో ఇంతకంటే విలువైన కాగితం ఏదీ లేదు.

ఆ గదిని 1993లో పడగొట్టారు. ఎందుకంటే, విలేకరుల గది కోసం! మా వృత్తివాళ్ల కోసమే కూల్చారు కాబట్టి తిలాపాపంలో మాకూ పిడికెడు ఉందని ఒప్పుకుంటున్నాం. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. 1990లో గెలిచిన లీగ్ మళ్లీ చేతికందడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఆ ముప్పై ఏళ్లకు తెర దించిన కోచ్ యూర్గెన్ క్లాప్‌ను ఇప్పుడు దేవుడిలా కొలుస్తున్నారు. కొలవాల్సిందే. 2015 అక్టోబరులో వచ్చిన ఆ దేవుడికి తొలి కప్పు తేవడానికి 2019 జూన్ దాకా పట్టింది. మధ్యలో మూడు ఫైనల్స్ ఓడాడు. 2020లో లీగ్ గెలిచాక ఏం జరిగిందో ఇప్పుడు అరుస్తున్నవాళ్లలో ఎందరికి గుర్తుంది? 2021 జనవరి నుంచి మార్చి వరకు, అప్పటికీ ఛాంపియన్లే అయిన లివర్‌పూల్, సొంతగడ్డ మీద వరసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడింది. క్లబ్ చరిత్రలో అలాంటిది అంతకుముందెన్నడూ లేదు. అరవై ఎనిమిది మ్యాచ్‌లుగా ఆన్‌ఫీల్డ్‌లో లీగ్ ఓటమి ఎరగని జట్టు బర్న్‌లీ, బ్రైటన్, ఫుల్హామ్‌ల చేతిలో కూడా పడిపోయింది. క్లాప్‌ను పొమ్మన్నారా? లేదు. గాయాలున్నాయన్నారు, కరోనా అన్నారు, ప్రేక్షకులు లేని మైదానాలన్నారు. అవన్నీ నిజమైన కారణాలే. ఆగారు. మరుసటి సీజన్లో రెండు కప్పులు, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, లీగ్‌లో ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానం.

అప్పుడు కారణాలైనవి ఇప్పుడు సాకులు ఎలా అయ్యాయి?

2025 జులై 3న డియోగో జోటా, అతని తమ్ముడు కారు ప్రమాదంలో చనిపోయారు. ఇరవై ఎనిమిదేళ్ల ఆటగాడు, పెళ్లై రెండు వారాలైనా నిండలేదు. ఒకే గదిలో బట్టలు మార్చుకున్న తోటివాణ్ని పోగొట్టుకున్న జట్టు నెల తిరగకముందే బరిలోకి దిగింది. ప్రతి మ్యాచ్ ఇరవయ్యో నిమిషంలో అతని పాట వింటూ ఆడింది. ఓటములన్నిటికీ ఇదే కారణమని మేం అనడం లేదు. క్లాప్ విషయంలో ఖాళీ కుర్చీలు కారణమైనప్పుడు, ఇది మాత్రం లెక్కలోకి రాదనడం ఏ రకం తూకం?

ఇక డబ్బు మాట. 2025 వేసవిలో 40 కోట్ల పౌండ్లకు పైగా గుమ్మరించారు. మన లెక్కలో నాలుగున్నర వేల కోట్ల రూపాయలు దాటుతుంది. స్ట్రైకర్ ఇసాక్ ఒక్కడికే 12.5 కోట్ల పౌండ్లు, అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు. విర్ట్స్‌కు పది కోట్లు, పైన మరికొంత. ఇద్దరూ పీఎస్‌వీ మ్యాచ్ నాటికి లీగ్‌లో ఈ క్లబ్ తరఫున ఒక్క గోల్ కొట్టలేదు. డిఫెన్స్ కోసం కావాలనుకున్న గేహీ బేరం ఆఖరి రోజున చెడింది. కొనుక్కున్న పద్దెనిమిదేళ్ల లియోనీ మొదటి మ్యాచ్‌లోనే మోకాలు విరగ్గొట్టుకున్నట్టయింది. ఈ కొనుగోళ్లు స్లాట్ ఒక్కడి ఇష్టంతో జరిగినవి కావు. ఆయన్ను తీసుకున్నదే ‘మేనేజర్’ అన్న హోదాతో కాదు, ‘హెడ్ కోచ్’ అన్న హోదాతో. అప్పుడు ఎవరిని కొనాలో, ఎంతకు కొనాలో చూసే మైఖేల్ ఎడ్వర్డ్స్, రిచర్డ్ హ్యూస్ పైన ఉన్నారు. ఇల్లు కట్టిన మేస్త్రీలను వదిలేసి, అద్దెకున్నవాడిని గోడ పగిలిందేమని నిలదీస్తారా? స్లాట్‌ను సాగనంపితే ఆ గోడ తనంతట తాను అతుక్కుంటుందా?

ఛాంపియన్ కోచ్‌ను ఏడాది తిరగకుండా తీసేసిన క్లబ్బులు లేకపోలేదు. 2015 మేలో లీగ్ తెచ్చిన మొరీన్యోను చెల్సీ అదే డిసెంబరులో తీసేసింది. లెస్టర్ కథ మరీ ఘోరం. ఐదు వేలకు ఒకటి పందెం నడిచిన జట్టును ఛాంపియన్‌గా నిలబెట్టిన రనియేరిని తొమ్మిది నెలలకే ఇంటికి పంపారు. ఆ రోజు లివర్‌పూల్ అభిమానులు సహా ఇంగ్లండ్ అంతా ముక్కున వేలేసుకుంది. ఆ వేలు ఇప్పుడెక్కడుంది?

పక్క ఊరి సంగతి మరీ పాఠం. 2013 మే 12న అలెక్స్ ఫెర్గూసన్ మైదానం మధ్యన నిలబడి, మైకు పట్టుకుని, కొత్త మేనేజర్‌కు అండగా ఉండటమే ఇక మీ పని అని మాంచెస్టర్ యునైటెడ్ జనానికి చెప్పి వెళ్లాడు. ఆరేళ్ల ఒప్పందంతో వచ్చిన డేవిడ్ మోయెస్‌ను పది నెలలకే తీసేశారు. ఒకసారి ఆ తలుపు తెరుచుకున్నాక మూతపడలేదు. వాన్ హాల్, మొరీన్యో, సోల్షాయర్, టెన్ హాగ్... వచ్చినవాడు వచ్చినట్టే పోయాడు. ఫెర్గూసన్ వెళ్లాక లీగ్ టైటిల్ మళ్లీ ఆ గడప తొక్కలేదు. 2024-25 సీజన్లో పదిహేనో స్థానం. మొదటివాణ్ని తీసేయడమే కష్టం. రెండోవాడి దగ్గరికొచ్చేసరికి అది అలవాటైపోతుంది. మా భయం స్లాట్ గురించి కాదు, ఆయన తర్వాత వచ్చేవాడి గురించి. లీగ్ గెలిచినా రెండు నెలల గడువే అని తెలిసిన చోటికి తలకాయ ఉన్నవాడెవడు వస్తాడు? వచ్చినా కుర్రాళ్లను పెంచుతాడా, శనివారం గండం గడిస్తే చాలని ఆడిస్తాడా?

‘క్లాప్‌నే మళ్లీ పిలవండి’ అంటున్నవాళ్లకు ఒక పాత సంగతి. షాంక్లీ తప్పుకున్నాక కూడా మెల్‌వుడ్ శిక్షణ మైదానానికి వచ్చేవాడు. ఆటగాళ్లు పెయిస్లీ ఎదుటే ఆయన్ను ‘బాస్’ అని పిలిచేవారు. ఇక రావద్దని ఆ మహానుభావుడికి చెప్పాల్సి రావడం క్లబ్ చేసిన అత్యంత బాధాకరమైన పని. అయినా చేసింది. ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోలేరు కాబట్టి చేసింది.

వారసుణ్ని తయారుచేసుకోకపోతే ఏమవుతుందో హైదరాబాదీలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఉన్నన్నాళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఎత్తింది, భారత్ 1956లో ఒలింపిక్స్ సెమీస్ ఆడింది, 1962లో జకార్తాలో స్వర్ణం తెచ్చింది. 1963లో ఆయన పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన ముఖం మళ్లీ చూడలేదు. ఆయన దగ్గర ఉన్నది మనకు పోయింది. లివర్‌పూల్ దగ్గర ఉన్నదాన్ని తనే పారేసుకోబోతోంది.

యజమానులు ఆ ఓటమి నాటికి నోరు విప్పలేదు. మౌనం మంచిదే, అది కత్తి నూరే మౌనం కానంతవరకు. 2027 దాకా ఒప్పందం రాసిచ్చింది వాళ్లే. కొనుగోళ్లకు సంతకాలు పెట్టిందీ వాళ్లే. బిల్లు మాత్రం ఒక్కడి పేరున చింపుతామంటే కుదరదు.

ఇక స్టాండ్స్‌లోని జనానికి. మీ మైదానం గేటు మీద, షాంక్లీ పేరు పెట్టుకున్న ఆ ఇనుప గేటు మీద, ఎవరినీ ఒంటరిగా నడవనివ్వమని అక్షరాలు పోత పోయించుకున్నారు. ప్రతి మ్యాచ్‌కు ముందు మెడలో మఫ్లర్లు ఎత్తిపట్టి ఆ పాటే పాడతారు. ప్రపంచమంతా దాన్ని చూసి ఒళ్లు పులకరించి మీ జట్టుకు అభిమాని అవుతోంది, మా విజయవాడ, వరంగల్ కుర్రాళ్లతో సహా. మూడో గోల్ పడగానే ఆ గేటు కిందుగానే గబగబా కారు దగ్గరికి నడిచిపోయారే, అప్పుడు తల పైకెత్తి చూశారా?

స్లాట్ పేరు పాడటం మరిచిపోయినవాళ్లు 2024 మే 19 నాటి వీడియో పెట్టుకుని చూడండి. వీడ్కోలు రోజున, కొత్తాయన నియామకం అధికారికంగా వెలువడకముందే, ఆ పేరును మీ నోట పలికించింది మీరు కొలిచే క్లాపే.