నాలుగో పాయింటు తీసేసి పంపండి: ‘45 రోజుల్లో సొంతిల్లు’ మెసేజ్‌కి నా జవాబు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు పదకొండు మంది పంపారు. మా బావగారు పంపారు, సిమెంటు కొట్టాయన పంపాడు, పదో తరగతి గ్రూపులో మూడుసార్లు వచ్చింది. “ఏరా, ఇక నీకు పండగేగా” అని ఒకడు కింద రాశాడు. బాపట్లలో ఇరవై రెండేళ్లుగా ఫాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. ఇనుముతోనే నా పిల్లలు చదువుకున్నారు. ఇనుప ఇళ్లు పెరిగితే నాకు మంచిదేనని అందరి లెక్క. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

శనివారం మా హైస్కూలు లెక్కల మాస్టారు షెడ్డుకొచ్చారు. సూర్యలంక రోడ్డు వైపు ఆయనకి అయిదు సెంట్ల స్థలం ఉంది. ఫోన్ తీసి అదే మెసేజ్ చూపించి, “లక్షన్నర అడ్వాన్సు కట్టేద్దామనుకుంటున్నానురా, ఏమంటావు?” అన్నారు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బు అది. ఇక ఊరుకోవడం తప్పనిపించింది.

మెసేజ్ చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఫ్యాక్టరీలో చేసిన ఇనుప ఫ్రేము, ప్యానెళ్లు తెచ్చి స్థలంలో ఇల్లు బిగించే కంపెనీ ప్రకటన అది. “ఇల్లు కట్టి చూడు” సామెతతో మొదలవుతుంది. ఆర్కిటెక్ట్‌కి లక్షలు పోయకండి, కంపెనీయే ఫ్రీగా డిజైన్ ఇస్తుంది. చదరపు అడుగు 1,100 మాత్రమే, సగం ఖర్చు. 45 రోజుల్లో తాళం చేతికి. ఇల్లు తేలిక కాబట్టి పునాది అక్కర్లేదు, నేల చదును చేసి నాలుగంగుళాల కాంక్రీటు బెడ్ పోస్తే చాలు. ఇనుప ఇల్లు కాబట్టి పర్మిషన్ అక్కర్లేదు. నిప్పు అంటుకోదు. జపాన్, అమెరికా వాళ్లంతా ఇలాగే కట్టుకుంటున్నారు. కావాలంటే విప్పి వేరే ఊరు పట్టుకుపోవచ్చు. వాస్తు కూడా మార్చుకోవచ్చు.

చివరి రెండింటి సంగతి ముందే తేల్చేస్తాను. విప్పితే ఫ్రేము వస్తుంది, ప్యానెళ్లు కొన్ని వస్తాయి. టైల్సు, పైపులు, సెప్టిక్ ట్యాంకు, కుళాయి గట్టు రావు. విప్పేటప్పుడు ప్యానెల్ అంచులు వంగుతాయి, పాత స్క్రూ బెజ్జాలు నీళ్లు కారతాయి. ఇక వాస్తు అనేది తలుపు ఎటు పెట్టాలన్న మాట, గోడ దేనితో కట్టారన్నది కాదు.

చదరపు అడుగు 1,100 అన్న దాంట్లో ఏమేం కలిశాయో ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు. మాస్టారి చేత కంపెనీకి ఫోన్ చేయించాను. లారీ కిరాయి వేరు, క్రేను వేరు, బెడ్ వేరు, కరెంటు వైరింగు వేరు, పైపులు వేరు, జీఎస్టీ వేరు. 18 శాతం జీఎస్టీ అంటే వెయ్యి అడుగుల ఇంటికి పదకొండు లక్షల మీద దాదాపు రెండు లక్షలు. సామాను మనమే కొనుక్కుని మేస్త్రికి కూలీ మాత్రమే ఇచ్చి సొంతిల్లు కట్టుకుంటే ఆ కూలీ మీద జీఎస్టీ ఉండదు. సగం ఖర్చు అనేవాళ్లు రెండు వైపులా అన్నీ కలిపి లెక్క వేయాలి కదా. మాస్టారు లెక్కల మాస్టారు, కాగితం మీద వేసుకుని ఆయనే తల అడ్డంగా ఊపారు.

పర్మిషన్ అక్కర్లేదన్నది శుద్ధ అబద్ధం. మన మునిసిపల్ చట్టాల్లో ‘భవనం’ అంటే ఇటుకతో కట్టినా, కర్రతో కట్టినా, మట్టితో కట్టినా, లోహంతో కట్టినా భవనమే. షెడ్డు, గుడిసె కూడా అందులోకే వస్తాయి. ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. తెలంగాణలో 2020 చట్టం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి పర్మిషన్ తీసేసి, ఒక్క రూపాయితో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ పెట్టింది. ఆ వెసులుబాటు స్థలం చిన్నదైనందుకు ఇచ్చారు, ఇనుముకి ఇచ్చింది కాదు. మాస్టారి అయిదు సెంట్లు 242 గజాలు, అదీ ఆంధ్రలో. రేపు నోటీసొస్తే ఆ మెసేజ్ చూపించి గట్టెక్కుతారా?

ఇప్పుడు నాలుగో పాయింటు. ఇది రాయడానికే కూర్చున్నాను.

“తేలిక కాబట్టి పునాది అక్కర్లేదు.” ఈ వాక్యం రాసినవాడు ఒక్క తుఫాను కూడా చూడలేదు. బరువైన ఇంటికి పునాది నేలలోకి దిగిపోకుండా కావాలి. తేలికైన ఇంటికి పునాది పైకి లేచిపోకుండా కావాలి. తేలిక అయ్యేకొద్దీ నేలకి పట్టి ఉంచే పని పెరుగుతుంది, తగ్గదు.

లెక్క చూడండి. మన కోస్తాలో కట్టడాలు తట్టుకోవాలని గాలి కోడ్ (గాలి తాకిడికి డిజైన్ ప్రమాణం) ఇచ్చిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకి సుమారు 150 కేజీల ఒత్తిడి పెడుతుంది. కప్పు మీద అది తోయదు, పీలుస్తుంది, పైకి లాగుతుంది. అడుగుల్లో చెప్పుకుంటే చదరపు అడుగుకి 14 కేజీలు. వెయ్యి అడుగుల కప్పు మీద 14 టన్నులు పైకి. అయిదంగుళాల స్లాబ్ బరువు చదరపు అడుగుకి 29 కేజీల దాకా ఉంటుంది, అందుకే దాని బరువుతోనే అది కూర్చుంటుంది. రెండు రేకుల మధ్య నురుగు నింపిన రెండంగుళాల పఫ్ ప్యానెల్ బరువు చదరపు అడుగుకి కేజీ చిల్లర. పర్లిన్లు (కప్పు రేకుల కింది ఇనుప పట్టీలు), ఫ్రేము కలుపుకున్నా ఆ పద్నాలుగులో మూడో నాలుగో పోతాయి. మిగతాది ఎవరు పట్టుకోవాలి? బోల్టులు, ఆ బోల్టులు దిగిన కాంక్రీటు.

బెడ్ ఉంది కదా అంటారు. నాలుగంగుళాల బెడ్ వెయ్యి అడుగులకి ఇరవై టన్నులు తూగుతుంది, నిజమే. కానీ బోల్టు బెడ్ మొత్తాన్నీ పట్టుకోదు. తన చుట్టూ ఉన్న గుప్పెడు కాంక్రీటునే పట్టుకుంటుంది. కడ్డీ లేని బెడ్‌లో, అదీ అంచుకి నాలుగంగుళాల్లో బోల్టు కొడితే, లాగినప్పుడు ఆ ముక్క ఊడి వస్తుంది.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి వేగం హెచ్చు 110 కిలోమీటర్లు. మర్నాడు ఒక రొయ్యల చెరువు ఆసామి పిలిస్తే వెళ్లాను. గట్టు మీద పెట్టిన ప్యానెల్ గది, ఏదో కంపెనీవాళ్లు ఒక్కరోజులో బిగించి వెళ్లింది, చెరువులో తలకిందులుగా పడి ఉంది. బెడ్ చెక్కు చెదరలేదు. నాలుగు మూలలా నాలుగు గుంటలు, కొబ్బరి చిప్పంత. స్తంభాల కింది బేస్ ప్లేట్లు తిప్పి చూస్తే బోల్టులు నాలుగూ వాటికే ఉన్నాయి, ఒక్కో బోల్టుకీ అంతే కాంక్రీటు ముద్ద అంటుకుని ఉంది. బోల్టు విరగలేదు, స్క్రూ ఊడలేదు, నేల వదిలేసింది. కాపలా మనిషి ముందురోజే పునరావాస కేంద్రానికి వెళ్లాడు కాబట్టి బతికాడు. ఆ గదిలో ఆయన మంచం ఉంది, స్టవ్ ఉంది, కూతురు పెళ్లి ఫోటో ఉంది.

గాలి బలం వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 110 నుంచి 180కి వెళ్తే బలం రెండున్నర రెట్లు దాటుతుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖలో ఏం చేసిందో చూశాం. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మా ఇళ్లలో ఇప్పటికీ గట్టిగా మాట్లాడుకోరు. అలాంటి తీరంలో పునాది అక్కర్లేదని పెద్దవాళ్లకి మెసేజ్ పంపుతారా? చదివే పంపుతున్నారా? అడగడానికి ఎంత కష్టంగా ఉన్నా అడుగుతున్నాను, ఆ గదిలో మీ నాన్నని పడుకోబెడతారా?

చేయాల్సింది బ్రహ్మవిద్య కాదు. వెయ్యి అడుగుల ఇంటికి పన్నెండు స్తంభాలనుకుంటే, పూర్తి 14 టన్నులూ లెక్కేసినా ఒక్కోదాని వాటా టన్ను పైచిలుకు. అర ఘనమీటరు కాంక్రీటు అంత తూగుతుంది. గొయ్యి తీసి, కడ్డీ కట్టి, ఫుటింగ్ (అడుగు దిమ్మ) పోసి, పెడెస్టల్ (దాని మీద పొట్టి స్తంభం) లేపి, పోసేటప్పుడే యాంకర్ బోల్టులు లోపల దింపి కడ్డీకి కట్టాలి. పైన నేలమట్టంలో ప్లింత్ బీముతో అన్నీ కలపాలి. ఇది ఇసుక నేల మాట. పొన్నూరు దాటి నల్లరేగడి వైపు వెళ్తే ఇంకో తలనొప్పి. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది, పైన తేలికైన ఇల్లుంటే ఇంకా సులువుగా ఎత్తేస్తుంది. ఒక మూల లేచిందంటే తలుపులు పట్టేస్తాయి, ప్యానెల్ జాయింట్లు తెరుచుకుంటాయి.

నిప్పు అంటుకోదన్న మాట గురించి కూడా కోపంగానే చెబుతాను. పైన రేకు అంటుకోదు. లోపలున్నది పాలియురేథేన్ నురుగు, అది మండుతుంది, దాని పొగ విషం. మా షెడ్డులో పఫ్ ప్యానెల్ అంచు దగ్గర వెల్డింగ్ చేయనివ్వను. ఒకసారి రవ్వ పడి, మంట కనపడకుండా రేకు లోపలే కాలుతూ పోయింది. చెయ్యి పెడితే రేకు చురుక్కుమంది, అప్పుడు తెలిసింది. ఉక్కు కూడా 550 డిగ్రీల దగ్గర దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. వంటగదికి రాతి నార నింపిన రాక్‌వూల్ ప్యానెల్ వేయించుకోవచ్చు, అది మండదు, ధర ఎక్కువ. ఫ్రీ డిజైన్‌లో ఆ మాట ఎవరూ చెప్పరు.

జపాన్ పోలిక ఒక్క నిమిషం. అక్కడ ఇళ్లు తయారుచేసే సెకిసుయి, దైవా లాంటి పెద్ద కంపెనీలు ఉన్నమాట నిజం. అయినా విడి ఇళ్లలో ఎక్కువ ఇప్పటికీ కర్రతో కట్టేవే. అమెరికా సంగతైతే ఇంకా సూటిగా ఉంది. 1992లో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాలో ఫ్యాక్టరీ ఇళ్లని ఊడ్చేస్తే, 1994లో అమెరికా కేంద్ర ప్రభుత్వం అలాంటి ఇళ్లకి గాలి నిబంధనలు బిగించింది. వాళ్లు నేర్చుకున్న పాఠాన్ని మనం ఫార్వర్డ్‌లో చెరిపేస్తున్నాం.

ఇక ఆర్కిటెక్ట్ మాట. ఇక్కడ నేను మెసేజ్‌వైపే కొంత నిలబడాలి. మన చిన్న ఊళ్లలో ‘ప్లాన్’ అంటే ఏమిటో అందరికీ తెలుసు. మునిసిపాలిటీ స్టాంపు కోసం గీసిన కాగితం. గీసినాయన సైట్ మొహం చూడడు. మెట్లు ఎక్కితే తల బీముకి తగిలే డ్రాయింగులు నా చేతికే వచ్చాయి. డబ్బు తీసుకుని ఫోన్ ఎత్తనివాళ్లని చూసి జనం విసిగిపోయారు, ఆ విసుగు న్యాయమైనదే. చట్టం కూడా ఆర్కిటెక్టే ఉండాలని పట్టుబట్టదు. 1972 చట్టం కాపాడేది ‘ఆర్కిటెక్ట్’ అన్న పేరుని. రిజిస్టర్ కానివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదంతే, డిజైన్ పని మాత్రం వాళ్లొక్కరి సొత్తు కాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. తొమ్మిది వందల అడుగుల మామూలు ఇంటికి మంచి ఆర్కిటెక్ట్ దొరక్కపోతే, లేకుండా గడిచిపోతుంది. స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం లేకుండా మాత్రం ఈ తీరంలో గడవదు.

ఇంకో రెండు కూడా ఒప్పుకుంటాను. ఎండాకాలం పఫ్ గోడ వేడి ఆపినట్టు ఇటుక గోడ ఆపలేదు. ఫ్యాక్టరీలో ఫ్రేము తయారవుతుంటే ఇక్కడ ఫుటింగులు పోసుకోవచ్చు కాబట్టి నెలల అద్దె మిగులుతుంది, ఆ 45 రోజుల్లో గొప్ప ఉంది. మా అక్కకి మేడ మీద గది నేనే ప్యానెల్‌తో వేశాను, కింద పాత గోడలు స్లాబ్ బరువు మోయవని. కప్పు కట్లు మాత్రం కింది స్లాబ్ బీముల దాకా దించాను. పనికిరాదని నేను అనడం లేదు.

కానీ ఫ్రీ డిజైన్ అన్నప్పుడు ఒక్కటి ఆలోచించండి. గీసేవాడూ అమ్మేవాడూ ఒక్కడే. ఫ్రేము పైపు రెండు మిల్లీమీటర్ల మందం వేయాల్సిన చోట 1.6 వేస్తే వంద కేజీల దగ్గర ఎనభై కేజీలతో సరిపోతుంది. రంగు వేశాక నాకైనా చూస్తే తెలియదు, మందం కొలిచే వెర్నియర్ పెట్టి కొలవాలి. మీ తరఫున కొలిచే మనిషి ఒకడు ఉండాలి, వాడి జీతం కంపెనీ ఇవ్వకూడదు. మాస్టారి స్థలంలో మధ్యాహ్నం సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. కంపెనీ పంపిన బొమ్మలో అటువైపు రెండు బాత్రూములు, అరడుగు కిటికీలు. వాళ్ల దగ్గర ఉన్న మూడు బొమ్మల్లో అదొకటి. ఆయన స్థలాన్ని వాళ్లు చూడనే లేదు.

మాస్టారి ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేనే అడిగాను. కప్పు పైకి లేచే బలానికి లెక్క వేశారా, బోల్టు డ్రాయింగ్ పంపుతారా, దాని మీద ఏ ఇంజనీర్ సంతకం ఉంటుంది అని. “అవన్నీ సైట్‌లో చూసుకుంటాం సార్” అన్నాడు కుర్రాడు. మాస్టారు ఫోన్ పెట్టేసి, “చూసుకునేదేముందిరా, లెక్క వేసి ఉండాలి గానీ” అన్నారు. అడ్వాన్సు కట్టలేదు. ప్యానెల్ ఇల్లే కావాలంటున్నారు, కడదాం, ఫ్రేము ఎవరు చేసినా నాకు సంతోషమే. చీరాల నుంచి ఇంజనీరు వస్తానన్నాడు. సోమవారం పొద్దున స్థలంలో ఒక మూల గొయ్యి తీయిస్తున్నాం, అయిదడుగులు, మట్టి చూడ్డానికి.