గెలిస్తే బ్రిటన్ వీరుడు, ఓడితే స్కాట్లాండ్ కుర్రాడు

పుట్టుకతో వచ్చే పౌరసత్వానికి ఆధారాలు రెండేనని న్యాయశాస్త్రం చెబుతుంది. పుట్టిన నేల ఒకటి, కన్నవారి రక్తం రెండోది. బ్రిటన్‌లో ఒక భాగమైన స్కాట్లాండ్ క్రీడాకారుల విషయంలో మూడో ఆధారం ఒకటి ఎన్నో ఏళ్లుగా అమల్లో ఉంది. అది స్కోరు బోర్డు. డన్‌బ్లేన్ ఊరివాడైన ఆండీ ముర్రే టెన్నిస్ కోర్టులో గెలిచిన సాయంత్రం బ్రిటన్ వీరుడు, ఓడిన సాయంత్రం స్కాట్లాండ్ ఆటగాడు అని లండన్ పత్రికల మీద స్కాట్లాండ్‌లో ఒక పాత ఎత్తిపొడుపు ఉంది. దీన్ని అందరూ హాస్యంగా తీసుకుంటారు. నేను మాత్రం ఒక పాలనా విధానంగా పరిశీలించాలని మనవి చేస్తున్నాను. మిగతా దేశాలు జాతీయత అనే బరువును ఏడాది పొడవునా మోసి నడుములు విరగ్గొట్టుకుంటున్నాయి. స్కాట్లాండ్‌కు ఆ బాధ నాలుగేళ్లకోసారి, అదీ ఓ పదకొండు రోజులు.

విధానం చాలా సులువు. ఒలింపిక్స్‌లో స్కాట్లాండ్ ఉండదు, బ్రిటన్ ఉంటుంది. కామన్వెల్త్ క్రీడల్లో బ్రిటన్ ఉండదు, స్కాట్లాండ్ ఉంటుంది. గ్లాస్గోలో పుట్టిన ఈతగాడు డంకన్ స్కాట్‌నే తీసుకోండి. ఒలింపిక్స్‌లో ఎనిమిది పతకాలు గెలిచాడు. స్కాట్లాండ్ గడ్డ మీద పుట్టినవాళ్లలో ఇన్ని ఒలింపిక్ పతకాలు ఇంకెవరికీ లేవు, ఆరు స్వర్ణాల సైక్లిస్టు క్రిస్ హోయ్‌కి కూడా ఏడే. ఆ ఎనిమిదీ బ్రిటన్ ఖాతాలో పడ్డాయి. కామన్వెల్త్‌లో 2022 నాటికి పదమూడు గెలిచాడు, అవి స్కాట్లాండ్ ఖాతాలో. మనిషి అతడే, నీళ్లూ అవే. ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిస్తే బ్రిటిష్ రాజును దేవుడు చల్లగా చూడాలనే గీతం వింటూ నిలబడాలి. కామన్వెల్త్‌లో గెలిస్తే 1314లో ఇంగ్లండ్ రాజు సైన్యాన్ని తన్ని ఇంటికి పంపిన సంగతి పాడే గీతం వింటూ నిలబడాలి. రెండింటికీ కళ్లు చెమర్చాలి. ఈతగాడు కాబట్టి తడికి లోటు ఉండదనుకోండి.

ఫుట్‌బాల్‌లో స్కాట్లాండ్ ఎప్పుడూ విడిగానే ఆడుతుంది కదా అని కొందరు విజ్ఞులు అడ్డు తగలవచ్చు. నిజమే. 1998 దాకా ఎనిమిదిసార్లు ప్రపంచ కప్‌కు వెళ్లి, ఒక్కసారీ తొలి దశ దాటకుండా తిరిగివచ్చింది. అలాంటి ఆస్తి మీద ఎవరూ దావా వేయరు.

చరిత్రలోకి వెళితే విధానం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1908 లండన్ ఒలింపిక్స్ హాకీలో స్కాట్లాండ్ తన పేరుతోనే బరిలోకి దిగింది. వచ్చిన జట్లు ఆరు, వాటిలో నాలుగు బ్రిటిష్ దీవులవే. స్కాట్లాండ్ మొదట జర్మనీని 4-0తో ఓడించింది, ఆ తర్వాత ఇంగ్లండ్ చేతిలో 6-1తో చిత్తయింది. అంతటితో కాంస్యం చేతికి వచ్చింది. ఇది అన్యాయమని గొణిగేవాళ్లు వేల్స్‌ను చూసి ఊరట చెందాలి. వేల్స్ ఆడింది ఒకే మ్యాచ్, ఓడింది ఒకే మ్యాచ్, దానికీ కాంస్యమే. ఓడినవాళ్లకు పతకం ఇవ్వవచ్చునన్న ఈ ఉదార సంప్రదాయం తర్వాత్తర్వాత ఎందుకు మరుగునపడిందో తెలియదు. మన దేశంలో ఎన్ని క్రీడా సంఘాలు దానికోసం ఎదురుచూస్తున్నాయో! ఆ రెండు కాంస్యాలనూ ఒలింపిక్ లెక్కల్లో తర్వాత బ్రిటన్ పద్దులోకి మార్చారు. గెలిచినప్పుడు స్కాట్లాండ్, బీరువాలో పెట్టేటప్పుడు బ్రిటన్.

అంతకుముందు, 1896 ఏథెన్స్‌లో, ఒంటిచేత్తో 71 కిలోలు ఎత్తి బ్రిటన్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన లాన్‌సెస్టన్ ఎలియట్ స్కాట్లాండ్ వంశీకుడు. ఆయన పుట్టింది మన దేశంలో. పుట్టిన నేల సూత్రాన్ని పట్టుకుంటే ఆ స్వర్ణం మీద మనకూ ఒక కేసు ఉంది. ఉత్సాహవంతులైన న్యాయవాదులు సంప్రదించగలరు.

చలికాలం ఆటల్లో లెక్క ఇంకా రసవత్తరం. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు వచ్చినవి రెండే పతకాలు. మంచు మీద రాళ్లను గురి చూసి జార్చే కర్లింగ్ ఆటలో ఈవ్ మ్యూర్‌హెడ్ జట్టు స్వర్ణం, బ్రూస్ మోవాట్ జట్టు రజతం. రెండు జట్లలోనూ అందరూ స్కాట్లాండ్ వాళ్లే. ఆట పుట్టింది స్కాట్లాండ్‌లో. మంచు మీద జారే ఆ ఇరవై కిలోల రాళ్ల గ్రానైట్ కూడా స్కాట్లాండ్ తీరాన మనుషులు నివసించని ఐల్సా క్రెయిగ్ దీవిదే. మనుషులూ వాళ్లే, ఆటా వాళ్లదే, చివరికి రాయి కూడా వాళ్లదే. బ్రిటన్ తరఫున వెళ్లింది జెండా ఒక్కటి. ఆ జెండాకు రెండు పతకాలు రావడం మెచ్చుకోదగ్గ విషయం.

ఇక నాలుగేళ్లకోసారి వచ్చే స్వాతంత్ర్యం సంగతి. 1930లో మొదలైన కామన్వెల్త్ క్రీడలకు ఒక్కసారి కూడా మానకుండా హాజరైన ఆరు జట్లలో స్కాట్లాండ్ ఒకటి. 1986లో ఎడిన్‌బరోలో జరిపినప్పుడైతే, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష విషయంలో బ్రిటన్ ప్రధాని థాచర్ ప్రభుత్వ వైఖరికి నిరసనగా 32 దేశాలు రాలేదు, 26 వచ్చాయి. పిలిచినవాళ్లలో సగానికి పైగా ఎగ్గొట్టిన ఆ విందులో అథ్లెటిక్స్‌లో స్కాట్లాండ్‌కు దక్కిన స్వర్ణం ఒక్కటే. డండీ అమ్మాయి లిజ్ లించ్ పదివేల మీటర్ల పరుగులో గెలిచింది. సరిగ్గా 36 ఏళ్లకు, 2022లో బర్మింగ్‌హామ్‌లో ఆమె కూతురు ఐలిష్ మెకాల్గన్ అదే పరుగులో స్వర్ణం గెలిచింది. వారసత్వం అంటే మనకు కొత్త కాదు. వారసుడి మొదటి సినిమాకూ, మొదటి నామినేషన్‌కూ జనాన్ని లారీల్లో తోలిన అనుభవం మనది. కాకపోతే అక్కడ తల్లి పేరు చెప్పుకున్నాక కూడా పాతిక చుట్లు తిరగాల్సి వచ్చింది.

2014లో ఆటలు గ్లాస్గోకు వచ్చాయి. ప్రారంభోత్సవంలో భాగంగా రెడ్ రోడ్ ప్రాంతంలోని ఎత్తయిన పాత నివాస భవనాలను పేల్చివేసి ప్రత్యక్ష ప్రసారం చేయాలని నిర్వాహకులు ముందు అనుకున్నారు. ఇళ్లు కూల్చడాన్ని ఉత్సవంగా జరపడమేమిటని జనం మండిపడితే వెనక్కి తగ్గారు. (పేదల ఇళ్లు కూల్చడానికి ప్రారంభోత్సవం దాకా ఆగాలన్న వాళ్ల ఓర్పును మాత్రం మన నగరపాలక సంస్థలు గమనించాలి.) భవనాల బదులు మనిషెత్తు టన్నాక్స్ టీకేకుల (అక్కడివాళ్లు ఇష్టపడే చాక్లెట్ పూత మిఠాయి) చేత నాట్యం చేయించారు. ప్రతి దేశం జట్టు ముందూ ఆ దేశం పేరు రాసిన కోటు తొడిగి ఒక స్కాటిష్ టెర్రియర్ కుక్కను నడిపించారు. పొట్టి కాళ్ల కుక్క, పెద్ద మైదానం. నడవనని మొరాయించిన దాన్ని చంకనెత్తుకుని తీసుకెళ్లారు. మహా సామ్రాజ్యపు చివరి ఊరేగింపుకు ఇంతకంటే తగిన సారథి దొరకడు.

ఆ క్రీడల్లో స్కాట్లాండ్ 19 స్వర్ణాలతో నాలుగో స్థానంలో నిలిచింది. మొత్తం పతకాల్లో దాని 53కు మన 64 ఎక్కువే, కానీ స్వర్ణాలు 15 కావడంతో మనం అయిదో స్థానం. ఆ దేశ జనాభా హైదరాబాద్ నగరం కంటే తక్కువని ఇక్కడ గుర్తుచేయడం దేశభక్తి అనిపించుకోదు కాబట్టి గుర్తుచేయను. నెలన్నర తర్వాత స్వాతంత్ర్యం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 55 శాతం మంది వద్దన్నారు. పండితులు దీనికి పౌండు, పింఛను, చమురు వంటి కారణాలు చెప్పారు. నా పరిశీలనలో కారణం వేరు. సొంత జెండా, సొంత పాట, కుక్కలతో ఊరేగింపు, ఇంగ్లండ్‌తో తలపడే అవకాశం, ఇవన్నీ నాలుగేళ్లకోసారి దొరుకుతుంటే, వాటికోసం ఆదాయపు పన్ను శాఖను కూడా సొంతంగా నడుపుకోవడం ఎవరికి ఇష్టం?

స్కాట్లాండ్ క్రీడాశక్తి అసలు రహస్యం మాత్రం పరుగులోనూ ఈతలోనూ లేదు, లాన్ బౌల్స్‌లో ఉంది. నున్నగా కత్తిరించిన పచ్చిక, ఒక చివర జాక్ అనే చిన్న తెల్లబంతి. రెండో చివర నుంచి ఒక పక్కకు వంగి పోయే పెద్ద బంతిని నింపాదిగా దొర్లించి, దాని దగ్గర ఆగేలా చేయాలి. చెమట పట్టదు, రొప్పు రాదు. ఈ ఆటలో అయిదు కామన్వెల్త్ స్వర్ణాలు గెలిచిన అలెక్స్ మార్షల్‌ను అభిమానులు ముద్దుగా ‘బంగాళాదుంప’ అని పిలుస్తారు. వేగాన్నీ చురుకునీ పొగిడే లోకంలో ఒక మహా క్రీడాకారుడికి ఇంతటి బిరుదు ఇచ్చిన జాతి ఇంకొకటి లేదు.

2022లో ఇదే క్రీడలో జార్జ్ మిల్లర్ 75 ఏళ్ల వయసులో స్వర్ణం అందుకుని, కామన్వెల్త్ చరిత్రలో అత్యంత పెద్ద వయసు విజేత అయ్యారు. చూపు సరిగా లేని క్రీడాకారుల విభాగంలో ఆయన నిర్దేశకుడు. బంతి ఎటు పోతోంది, ఎంత దూరంలో ఆగింది, తర్వాతిది ఎటు వేయాలి అన్నది మెలనీ ఇన్నెస్‌కు నోటితో చెప్పడం ఆయన పని. ఒక్క బంతీ దొర్లించకుండా, సరైన మాట సరైన క్షణంలో చెప్పి స్వర్ణం గెలిచారు. చెప్పింది విని కచ్చితంగా వేయగలిగిన మెలనీ చేతిలో ఎంత నేర్పు ఉందో వేరే చెప్పనక్కర్లేదు. నాకు తట్టింది ఇంకొకటి. అరుగు మీద కూర్చుని, వీధిలో స్కూటర్ వెనక్కి తిప్పుకునేవాడికి ‘కొంచెం ఎడమకు, ఇంకొంచెం, ఆఁ చాలు’ అని అడగకుండానే నిర్దేశించే పెద్దమనుషులు మనకు ఊరికి పదిమంది ఉన్నారు. ఈ జాతీయ సంపదను ఇన్నేళ్లుగా ఏ క్రీడాశాఖ మంత్రీ గుర్తించలేదు.

2026 కామన్వెల్త్ క్రీడల దగ్గరికి వస్తే నా గంభీరం కొంచెం సడలుతుంది. ఖర్చు భరించలేమని, ఆతిథ్యం ఇవ్వాల్సిన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2023లో చేతులెత్తేసింది. గ్లాస్గో ముందుకొచ్చి, నాలుగు వేదికల్లో పది క్రీడలతో సరిపెట్టుకుందామంది. పొదుపు విషయంలో స్కాట్లాండ్ వాళ్లకు లోకంలో ఉన్న పేరు మీకు తెలుసు. హాకీ, క్రికెట్, బ్యాడ్మింటన్, కుస్తీ, షూటింగ్, టేబుల్ టెన్నిస్ పోయాయి. లాన్ బౌల్స్ ఉంది. బర్మింగ్‌హామ్‌లో మన 22 స్వర్ణాల్లో 13 కుస్తీ, టేబుల్ టెన్నిస్, బ్యాడ్మింటన్‌లవే. సింధు, అమలాపురం సాత్విక్‌సాయిరాజ్, ఆకుల శ్రీజ ఆ జాబితాలో వాళ్లే. బాక్సింగ్‌ను ఉంచారు కాబట్టి నిజామాబాద్ నిఖత్ జరీన్ ఆట బతికింది. విడ్డూరం ఏమిటంటే, 2014లో పారుపల్లి కశ్యప్ స్వర్ణం గెలిచింది, 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు 110 నిమిషాలు పోరాడి జపాన్ అమ్మాయి ఒకుహారాకు తలవంచింది గ్లాస్గో ఎమిరేట్స్ అరీనాలోనే. ఆ హాలు ఈ నాలుగు వేదికల్లో ఒకటి. హాలు ఉంచి ఆటను పంపేశారు.

కుట్ర అని తీర్మానం చేద్దామని కలం ఎత్తాను గానీ, తీసేసిన వాటిలో డైవింగ్ అడ్డొచ్చింది. 1950ల్లో వరుసగా మూడు కామన్వెల్త్ క్రీడల్లో పీటర్ హీట్లీ డైవింగ్ స్వర్ణాలు గెలిచారు. ఆయన మనవడు జేమ్స్ హీట్లీ 2022లో గ్రేస్ రీడ్‌తో కలిసి మళ్లీ స్వర్ణం తెచ్చాడు. ఆ కుర్రాడికి సొంత దేశంలో దూకే అవకాశం వచ్చేసరికి సొంత దేశమే పలక లాగేసింది. కుట్ర చేసేవాడు ముందు తన కాలు నరుక్కోడు. ఇది శుద్ధ పొదుపే.

పతకం ఎవరిదన్న ఈ తగవులో స్కాట్లాండ్‌కు మనం నేర్పగలిగింది చాలా ఉంది. 2016లో రియోలో సింధు రజతం గెలవగానే తెలంగాణ అయిదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు ప్రకటించాయి. చెరొక స్థలం కూడా. అదే వారం మన రెండు రాష్ట్రాల జనం గూగుల్‌లో ఆత్రంగా వెతికింది ఆమె స్మాష్ వేగాన్ని కాదు, కులాన్ని. స్కాట్లాండ్, బ్రిటన్ అనే రెండు మెట్ల దగ్గరే ఆగిపోయిన ఆ అమాయకులు ఇంకెంత కిందికి దిగవచ్చో ఊహించలేకపోయారు.

2030 క్రీడలు అహ్మదాబాద్‌లో. పంపేసిన ఆటలన్నీ వెనక్కి తెచ్చుకోండి గానీ, ప్రతీకారంగా లాన్ బౌల్స్ మీద వేటు వేయవద్దని నిర్వాహకులకు నా విన్నపం. మన మహిళల జట్టు 2022లో అందులో స్వర్ణం గెలిచింది. పైగా, అప్పటికి 76 ఏళ్లు నిండే తెలుగు తాతగారు ఎవరైనా నిర్దేశకుడిగా దిగితే మిల్లర్ రికార్డు కూడా మనకే. ఆసక్తి గల పెద్దలు ఇప్పటి నుంచే గొంతు సవరించుకోవాలి. దరఖాస్తుతో పాటు వయసు ధ్రువపత్రం, పాత రేషన్ కార్డు, నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివారో తెలిపే స్థానికత పత్రం జతచేయడం మరవద్దు. రెండు ప్రభుత్వాలకూ చెరొక కాపీ.