“కాలి మీద కాలిస్తే సరిపోయేది కదా” అనే పోస్టుకు జవాబు

అమెరికాలో రోడ్డు పక్కన బండి ఆపిన పోలీసుకూ డ్రైవరుకూ మధ్య కాల్పులు జరిగిన వీడియో బయటికి రావడమే ఆలస్యం, తెలుగు గ్రూపుల్లో ఒకే రకం పోస్టు తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇదీ: “పోలీసు చేతిలో ముందే తుపాకి ఉంది. ట్రైనింగు ఉంది. ఒంటి మీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఉంది, నడుముకు కరెంటు షాకిచ్చే టేజర్ ఉంది. కాలి మీదో చేతి మీదో ఒక్కటి కాలిస్తే సరిపోయేదానికి ప్రాణం తీయడం ఎందుకు? 21 అడుగుల లోపలికి వస్తే చంపొచ్చని వాళ్ల చట్టమే అంటోంది, ఇక అడిగేవాడెవడు?”

పోస్టు వెనకున్న ఆవేదనను మేం తప్పుపట్టడం లేదు. రాసిన వివరాలు మాత్రం ఒక్కొక్కటీ తప్పు. ఆ తప్పుల వల్ల, నిజంగా నిలదీయాల్సిన పోలీసు కూడా తప్పించుకుంటున్నాడు. అందుకే వరసగా చూద్దాం.

“తుపాకి ముందే ఉంది, ట్రైనింగు ఉంది”

మామూలు ట్రాఫిక్ స్టాప్‌లో, అంటే రోడ్డు పక్కన బండి ఆపినప్పుడు, పోలీసు తుపాకి చేతిలో ఉండదు, నడుముకున్న తొడుగులో (హోల్‌స్టర్‌లో) ఉంటుంది. ఎవరూ లాక్కోకుండా ఆ హోల్‌స్టర్‌కు లాక్ ఉంటుంది. బొటనవేలితో ఆ లాక్ తప్పించి, తుపాకి పైకి లాగి, గురిపెట్టి పేల్చడానికి బాగా సాధన చేసినవాడికి కూడా సుమారు ఒకటిన్నర సెకన్లు కావాలి. ఒడిలో తుపాకి పెట్టుకుని కూర్చున్నవాడికి చెయ్యెత్తితే చాలు.

“ముందే తీసి గురిపెట్టి ఉంటే?” అంటారు. దాన్నీ కొలిచి చూశారు. టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో పోలీసులు అప్పటికే ఎదుటివాడి మీద గురిపెట్టి ఉన్నారు. ఎదుటివాడి తుపాకి కిందికి గానీ, తన తలకే గానీ ఆనించి ఉంది. అతను తుపాకిని పోలీసు వైపు తిప్పి పేల్చడానికి సగటున 0.38 సెకన్లు పట్టింది. అది చూసి పోలీసు పేల్చడానికి పట్టింది 0.39. ఎదుటివాడికి పని ఒక్కటే. పోలీసు చూడాలి, అది తుపాకేనని పోల్చుకోవాలి, నిర్ణయించుకోవాలి, ఆ తర్వాతే వేలు కదలాలి. ఎంత ట్రైనింగిచ్చినా ఈ వరసలో ఒక మెట్టు ఎగ్గొట్టడం కుదరదు. ఎగ్గొట్టినవాడు చివరికి సెల్‌ఫోను పట్టుకున్నవాణ్ని కాలుస్తాడు.

“కాలి మీదో చేతి మీదో”

పోస్టులో అందరికీ నచ్చే మాట ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకోవాలి.

మొదటిది గురి. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక 1998 నుంచి 2006 దాకా లెక్కలు తీసింది. ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు పోలీసుల తూటాలు తగిలింది 18 శాతం. ఎదురుకాల్పులు లేనప్పుడు 30 శాతం. మనిషిలో ఎక్కడ తగిలినా లెక్కలోకి తీసుకుంటే వచ్చిన సంఖ్యలివి. అన్నింటికన్నా వెడల్పైనది, తక్కువగా కదిలేది ఛాతీ భాగం. దాన్ని వదిలి, పరుగెత్తేవాడి మోకాలినో ఊగే చేతినో గురిచూడమంటే గురి తప్పే తూటాలు ఇంకా పెరుగుతాయి. గురి తప్పిన తూటా గాల్లో మాయమైపోదు. రోడ్డుకు తగిలి ఎగిరి పక్క లేన్‌లో వెళ్లే కారులోకి దూరుతుంది.

రెండోది, కాలిమీద దెబ్బ చిన్న దెబ్బ అనుకోవడం. తొడలో పెద్ద ధమని ఉంటుంది. అది తెగి రక్తం ఆపేవాడు లేకపోతే మనిషి కొన్ని నిమిషాల్లోనే పోతాడు.

మూడోదాన్ని పోస్టు రాసినవాళ్లు తలుచుకోనే లేదు. కాలికి దెబ్బ తగిలినా తుపాకి మీద వేలు పనిచేస్తూనే ఉంటుంది. ఎఫ్‌బీఐ 1989 నాటి పత్రంలో ఉన్న వివరం: గుండె పూర్తిగా దెబ్బతిన్నా, మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో మనిషి 10 నుంచి 15 సెకన్ల పాటు తాననుకున్న పని చేయగలడు. ఆ పత్రం పుట్టడానికి కారణం 1986 ఏప్రిల్ 11న మయామిలో జరిగిన కాల్పులు. బ్యాంకు దోపిడీల అనుమానితులిద్దరి కారును ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు అడ్డగించారు. ఇద్దరిలో ఒకడికి మొదట్లోనే ఊపిరితిత్తిలోకి తూటా దిగింది, గుండె దాకా పోలేదు. ఆ దెబ్బతోనే అతను రైఫిల్‌తో పోరాడి ఇద్దరు ఏజెంట్లను చంపాడు. పోస్టుమార్టంలో అతని ఒంటి మీద 12 తూటా గాయాలు తేలాయి. అన్ని తూటాలు ఎందుకు పేలుస్తారన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది.

ఈ కాలి మాట మనవాళ్లకు అంత సహజంగా ఎందుకు వస్తుందో ఊహించవచ్చు. గుంపును చెదరగొట్టేటప్పుడు తుపాకి కిందికి గురిపెట్టాలని మన దేశంలో పోలీసు నిబంధనలున్నాయి. అది రాళ్లు విసిరే గుంపు కోసం పెట్టిన నియమం. రెండు గజాల దూరంలో పిస్టల్ తీసినవాడికి అది వర్తించదు.

అవతలి పక్షంలో బలమైన ఉదాహరణ లేకపోలేదు, దాన్ని దాచడం న్యాయం కాదు. జార్జియా రాష్ట్రంలోని లాగ్రేంజ్ పట్టణ పోలీసులు 2021లో కాళ్లు, తుంటి, పొత్తికడుపు భాగాలకు గురిపెట్టడంలో శిక్షణ మొదలుపెట్టారు. కత్తి లాంటివి పట్టుకుని, కాస్త దూరంలో ఉన్నవాడి విషయంలో దాని గురించి ఆలోచించవచ్చు. ఎదుట తుపాకి ఉన్నప్పుడు వాడమని వాళ్లూ అనడం లేదు.

“టేజర్ ఎందుకుంది?”

టేజర్ నుంచి రెండు ముళ్లు వెళ్తాయి. రెండూ ఒంటికి తగలాలి, రెంటి మధ్య తగినంత ఎడం ఉండాలి. మామూలు కార్ట్రిడ్జ్‌లో ఆ ఎడం ఏడడుగుల దూరానికి ఒక అడుగు చొప్పున పెరుగుతుంది. మరీ దగ్గర నుంచి కొడితే ముళ్లు పక్కపక్కనే దిగి ఒళ్లు బిగుసుకోదు. చలికాలపు మందపాటి కోటులో ఒక ముల్లు ఇరుక్కున్నా పనిచేయదు. కారులో కూర్చున్నవాడికి తలుపు, సీటు, స్టీరింగ్ అన్నీ అడ్డమే. పక్కన ఇంకో పోలీసు తుపాకితో కాపు కాస్తే తప్ప, తుపాకి ఉన్నవాడి మీదికి టేజర్ తీయడమంటే ప్రాణాన్ని పందెం కట్టడమే.

“బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఉంది”

రోజూ తొడుక్కునే మెత్తటి జాకెట్ పిస్టల్ తూటాలను ఆపుతుంది. రైఫిల్ తూటాను ఆపదు, దానికి గట్టి పలకలు కావాలి. కత్తిపోటును ఆపాలంటే అందుకోసం విడిగా తయారైనది ఉండాలి. తల, మెడ, చంకల దగ్గరి ఖాళీ, తొడలు బయటే ఉంటాయి. కిటికీ దగ్గర వంగి మాట్లాడేవాడు లోపలివాడికి ఇచ్చేది సరిగ్గా తలా మెడానే.

“21 అడుగుల చట్టం”

అలాంటి చట్టం అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ లేదు. సాల్ట్ లేక్ సిటీ పోలీసు శాఖలో శిక్షకుడైన డెనిస్ ట్యూలర్ 1983లో ఒక పత్రికలో రాసిన వ్యాసం దీనికి మూలం. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగులు పరుగెత్తి మీద పడటానికి సుమారు ఒకటిన్నర సెకన్లు పడుతుందనీ, పోలీసు తుపాకి తీసి పేల్చడానికీ అంతే పడుతుందనీ ఆయన చూపించాడు. ‘అంత దగ్గరైతే ప్రమాదం, కాబట్టి దూరం పెంచుకో, మధ్యలో ఏదైనా అడ్డు పెట్టుకో’ అన్నది అందులోని పాఠం. ‘ఆ గీత దాటితే కాల్చెయ్’ అని కొందరు శిక్షకులే దాన్ని తలకిందులు చేశారు.

చట్టం చూసేది వేరు. అమెరికా సుప్రీంకోర్టు 1989లో ఇచ్చిన గ్రాహం వర్సెస్ కానర్ తీర్పు ప్రకారం, ఆ పరిస్థితిలో సాధారణ వివేకమున్న అధికారి అలా చేసేవాడా అన్నదే కొలబద్ద. 2025 మే నెలలో బార్న్స్ వర్సెస్ ఫెలిక్స్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇంకో మాట చెప్పింది. హ్యూస్టన్ దగ్గర టోల్ బకాయిల మీద ఆపిన కారు కదలగానే అధికారి తలుపు అంచు మీదికి ఎక్కి కాల్చిన కేసది. తూటా పేలిన ఆ రెండు సెకన్లే చూసి తేల్చేయకూడదు, అంతకుముందు జరిగిందంతా లెక్కలోకి తీసుకోవాలని కోర్టు స్పష్టం చేసింది. అధికారి ప్రమాదాన్ని తనే కొనితెచ్చుకుంటే ఏమిటన్నది మాత్రం ఇంకా తేల్చలేదు. “అడిగేవాడెవడు” అనేవాళ్లు పట్టుకోవాల్సిన దారం ఇదే.

అడగాల్సిన ప్రశ్న

‘ఎక్కడ కాల్చాడు’ అన్నదానికన్నా ‘అప్పటికి ఎక్కడ నిలబడి ఉన్నాడు’ అని అడగండి. ఆ 0.38 సెకన్లను ఏ తుపాకీ గెలవలేదు. దూరం, అడ్డు, కోణం గెలుస్తాయి. అవన్నీ బండి ఆపే ముందే నిర్ణయమైపోతాయి.

సరిగ్గా చేసే పద్ధతి ఇలా ఉంటుంది. లైట్లు వేయకముందే కారు నంబరు, స్థలం వైర్‌లెస్‌లో చెప్పాలి. తన కారును ముందు కారుకు 10 నుంచి 15 అడుగుల వెనక, రెండు మూడడుగులు ఎడమ పక్కకు జరిపి ఆపాలి. రాత్రయితే స్పాట్‌లైటు ముందు కారు అద్దాల మీదికి కొట్టాలి. రెండు కార్ల మధ్య నుంచి నడవకూడదు. వెనక హెడ్‌లైట్ల వెలుగులో మనిషి ఆకారం నల్లగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డిక్కీ మూత సరిగా పడిందో లేదో చూసుకుంటూ, వెనక సీటు చూస్తూ కదలాలి. వీలైతే ప్రయాణికుడి వైపు నుంచి వెళ్లాలి. అటువైపు ట్రాఫిక్ తగలదు, డ్యాష్‌బోర్డు అర కనిపిస్తుంది, డ్రైవరు ఎదురుచూసేది తన వైపే కాబట్టి పోలీసుకు ఒక క్షణం కలిసొస్తుంది. డ్రైవరు వైపే వెళ్లాల్సి వస్తే ముందు తలుపు వెనకంచు దాటకూడదు. అప్పుడు లోపలివాడు మెడా భుజమూ వెనక్కి తిప్పితే గానీ గురిపెట్టలేడు. మొహం కాదు, చేతులు చూడాలి.

తుపాకి కనబడితే మొదటి పని కాల్చడం కాదు, ఉన్నచోటి నుంచి కదలడం. తిన్నగా వెనక్కి అడుగులేస్తే తూలిపడతారు. ఆ కారు వెనక మూల వైపు పక్కగా జరిగి, తన కారు ఇంజిన్ వెనక్కి చేరాలి. తలుపు రేకులోంచి తూటా దూసుకొస్తుంది, నమ్మదగ్గ అడ్డు ఇంజిన్, చక్రాల ఇనుము మాత్రమే. అక్కడి నుంచి ఇంకో బండి కోసం వైర్‌లెస్. అక్కడ చేరినవాడికి కాల్చకుండా ఉండే అవకాశం కూడా మొదటిసారి దొరుకుతుంది.

ఈ పద్ధతికి పునాది 1970 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని న్యూహాల్ దగ్గర పడింది. ఎవరికో తుపాకి చూపించారన్న ఫిర్యాదు మీద హైవే పట్రోల్ అధికారులిద్దరు ఒక కారును ఆపారు. రెండో బండి దారిలోనే ఉంది. అది చేరకముందే ఒకరు డ్రైవరును సోదా చేస్తుంటే ఇంకొకరు ప్రయాణికుడి తలుపు దాకా నడిచారు. తలుపు తెరుచుకుంటూనే తూటాలు వచ్చాయి. తర్వాత చేరిన ఇద్దరితో కలిపి, అయిదు నిమిషాల లోపు నలుగురూ పోయారు. ఇవాళ ఆయుధం ఉందని తెలిసిన కారు దగ్గరికి నడిచి వెళ్లకుండా, తమ కార్ల వెనకే ఉండి మైకులో ఒక్కొక్కరినే చేతులెత్తి వెనక్కి నడిపించి దించడం ఆ దెబ్బతో బలపడిన పద్ధతి.

మన దగ్గర 2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట బస్టాండులో బస్సుల తనిఖీ సమయంలో జరిగిన కాల్పుల్లో ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. అక్కడా అసలు చిక్కు దూరమే. బస్సు తనిఖీలో అనుమానితుడికీ పోలీసుకూ మధ్య చేయి చాపినంత ఎడమే ఉంటుంది, ఆశ్రయించడానికి అడ్డేమీ ఉండదు.

దీనికి ఎదురుగా తిరిగే ఇంకో పోస్టు

“బండి ఆపడమంటేనే చావుతో చెలగాటం, అనుమానమొస్తే ముందే కాల్చాలి.” ఇదీ అంతే అబద్ధం, దీని వల్లా ప్రాణాలు పోతాయి. ఫ్లోరిడాలో 200కు పైగా పోలీసు విభాగాల పదేళ్ల రికార్డులు తీసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు ట్రాఫిక్ స్టాప్‌లో పోలీసు హత్యకు గురైంది 65 లక్షల స్టాప్‌లకు ఒకసారి. తీవ్రంగా గాయపడింది 3,61,111 స్టాప్‌లకు ఒకసారి.

అకాడమీల్లో మాత్రం ఆ ఒక్కసారినే మళ్లీ మళ్లీ చూపిస్తారు. 1998 జనవరిలో జార్జియాలో కైల్ డింక్‌హెల్లర్ అనే డిప్యూటీ (కౌంటీ పోలీసు అధికారి), గంటకు 98 మైళ్ల వేగంతో వెళ్తున్న ట్రక్కును ఆపాడు. డ్రైవరు ట్రక్కు దగ్గరికి తిరిగెళ్లి రైఫిల్ తీసుకుంటుంటే, ఆయన ఆజ్ఞలు అరుస్తూ ఉండిపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ‘తొందరగా కాల్చు’ అన్న పాఠం నేర్చుకున్న కుర్రాడు రేపు 2016 జూలైలో మిన్నెసోటాలో జరిగినదాన్ని మళ్లీ చేస్తాడు. అక్కడ ఫిలాండో క్యాస్టిల్ తన దగ్గర తుపాకి ఉందని తనంతట తనే మర్యాదగా చెప్పాడు. అప్పటికే అధికారి లైసెన్సు అడిగి ఉన్నాడు, ఆ వెంటనే ‘తీయొద్దు’ అని అరిచాడు. చేయి దేనికోసం కదులుతోందో తేల్చుకోకుండా ఏడు తూటాలు పేల్చాడు. వెనక సీట్లో నాలుగేళ్ల పాప ఉంది. తుపాకి ఉందన్న మాట వినగానే ఆజ్ఞ ఒక్కటే ఉండాలి: ‘చేతులు స్టీరింగ్ మీద పెట్టి కదలకుండా ఉండండి.’ ఆ మాట అంటూ తలుపు వెనకంచుకు జరగాలి. లైసెన్సు సంగతి తర్వాత.

అక్కడ బండి నడిపే మన పిల్లలకు

హైదరాబాద్‌లో ట్రాఫిక్ ఎస్సై ఆపితే మనం మర్యాదకు బండి దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్తాం. అమెరికాలో అదే పని పోలీసు కంటికి దాడిలా కనిపిస్తుంది, ఎందుకంటే పైన చెప్పిన దూరమూ అడ్డూ ఒక్కసారిగా పోతాయి. దిగమని చెబితే తప్ప దిగకండి. ఇంజిన్ ఆపి, రాత్రయితే లోపలి లైటు వేసి, కిటికీ దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి. కాగితాలు డ్యాష్‌బోర్డు అరలో ఉంటే ముందే తీయకండి. అడిగాక “ఇందులో ఉన్నాయి, తీస్తున్నాను” అని చెప్పి, ఆయన సరేనన్నాకే చేయి కదపండి. పక్కన కూర్చున్నవాళ్ల చేతులు కూడా కనిపించాలి. చీకటి రోడ్డు మీద గుర్తులు లేని కారు ఆపమంటే హజార్డ్ లైట్లు వేసి, నెమ్మదిగా వెలుతురున్న చోటికి వెళ్తూ 911కు (అక్కడి ఎమర్జెన్సీ నంబరుకు) ఫోన్ చేసి, అది నిజంగా పోలీసు బండేనా అని అడగండి.