ట్రాన్సిట్‌లో ఉంది సార్!

బెజవాడలో రామవరప్పాడు రింగు దాటి ఎనికేపాడు వైపు వెళ్తుంటే హైవే పక్కన వరసగా కార్ల షోరూములు కనిపిస్తాయి కదా, వాటన్నిటినీ తక్షణం దేవాదాయ శాఖకు అప్పగించాలని ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను. ఇది వేళాకోళం కాదు. గుమ్మం దగ్గర చెప్పులు విడవడం ఒక్కటే తక్కువ, మిగతా తంతంతా గుడిదే. ముందు హుండీలో వెయ్యాలి. తర్వాత కూర్చోవాలి. దర్శనం ఎప్పుడని అడక్కూడదు. గట్టిగా అడిగితే ఓ చిన్న నీళ్లసీసా, రెండు చాక్లెట్లు ప్రసాదం పెట్టి, ‘మేనేజర్ గారు మీటింగ్‌లో ఉన్నారు సార్, ఇప్పుడే వచ్చేస్తారు’ అంటారు. ఆఖర్న శఠగోపం ఎలాగూ ఉంటుంది, అదెవరికీ తప్పదు.

ఆ మాటకొస్తే గుడి పేరెత్తడం గుడికే అన్యాయం. తిరుమలలో ఉచిత దర్శనం టోకెన్ మీద కూడా ఏ రోజు, ఎన్నింటికి రావాలో వేసి మరీ ఇస్తారు. మన మంగళగిరి పానకాలస్వామి ఎంత పానకం పోసినా సగం పుచ్చుకుని సగం భక్తుడికే వదిలేస్తాడు. షోరూములో మొత్తం గుటకేసి మూతి తుడుచుకుంటారు.

నా దగ్గరున్న బుకింగ్ ఫారం గురించి కాస్త చెప్పాలి. మూడు పొరల ఫారంలో అట్టడుగున ఉండే గులాబీ రంగు కాగితం కస్టమర్‌ది. పైన రాసింది కార్బన్ గుండా దిగి దిగి మూడోదానికి వచ్చేసరికి ఆవిరైపోతుంది. నా పేరులో మొదటి రెండు అక్షరాలు పడ్డాయి, మిగతావి మీరు ఊహించుకోవాలి. ‘డెలివరీ తేదీ’ అన్న గడిలో మాత్రం అడ్డగీత స్పష్టంగా పడింది. ఆ గీత పక్కన ‘టెంటేటివ్’ అని రాశారు. తేదీయే లేనప్పుడు టెంటేటివ్ ఏమిటో, ఆ గీత తర్వాత్తర్వాత నిలువుగా మారే అవకాశం ఉందేమో నాకు తెలీదు. కాగితం తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. ధర డెలివరీ రోజున ఎంతుంటే అంత. రద్దు చేసుకుంటే కోత. ఆలస్యమైతే మాకు సంబంధం లేదు. ధర మారొచ్చు, తేదీ మారొచ్చు, అవసరమైతే రంగూ మారొచ్చు. మారకూడనిది కింద నేను పెట్టిన సంతకం ఒక్కటే.

బుక్ చేసింది జ్యేష్ఠంలో. ఆషాఢం రాకముందే ఇచ్చేస్తామన్నారు. ఆషాఢం వచ్చింది. ‘మీ బండి వచ్చింది సార్, ఆషాఢంలో మీరు తీసుకోరు కదా అని వేరే కస్టమర్‌కి ఇచ్చేశాం’ అన్నాడు సేల్స్ కుర్రాడు. మా ఇంటి ఆచారాల మీద మా అత్తగారికి కూడా లేనంత పట్టింపు ఆ అబ్బాయికుంది. శ్రావణంలో అడిగితే ‘శ్రావణం కదా సార్, రష్’. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని జీఎస్టీ మారుతుందన్నారు. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి ఖాయం చేసింది. నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద 28 శాతం, దాని నెత్తిన సెస్సు పోయి 18 శాతం అయింది. అప్పటిదాకా బండే లేదన్నవాడు గొంతులో తేనె పోసుకుని ‘మీ మంచికోరే ఆపాం సార్, చూడండి మీకెంత మిగిలిందో’ అన్నాడు. తగ్గిన పన్ను 22 నుంచి అమలు. బెజవాడలో దసరా కూడా అదే రోజున మొదలు. కొండ మీద అమ్మవారికీ హైవే పక్కన షోరూములకీ ఒకేసారి నవరాత్రులు. ఇక రష్ గురించి అడగాలా?

ఈ మధ్యలో నాకు అంతర్జాతీయ వ్యవహారాల మీద బోలెడంత జ్ఞానం అబ్బింది. 2021లో ప్రపంచమంతా చిప్పులు దొరక్క కార్ల ఫ్యాక్టరీలు నిజంగానే ఇబ్బంది పడ్డాయి. ఆ చిప్పులు తర్వాత దొరికాయి, సాకు మాత్రం షోరూములో అలాగే ఉండిపోయింది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. నేను బుక్ చేసేసరికే మా కుర్రాడు దాన్ని కంఠతా పట్టేశాడు. నీలం రంగు ఎందుకు లేదంటే చైనా. ‘నీలం రంగుకీ అయస్కాంతానికీ సంబంధం ఏమిటి నాయనా?’ అంటే నీళ్లు నమిలి, ‘వైట్ అయితే రేపే ఇచ్చేస్తాను సార్, టాప్ మోడల్’ అన్నాడు. చైనావాడు నీలం కారు మీదే, అందులోనూ మిడిల్ వేరియంట్ మీదే కక్షగట్టాడన్నమాట.

సెప్టెంబరు నెలాఖరున మాత్రం షోరూములో ఎక్కడలేని చురుకు పుట్టింది. మొత్తం డబ్బు కట్టేస్తే దసరాకి బండి మీ గుమ్మంలో ఉంటుందన్నారు. కట్టాను. సాయంత్రానికల్లా ఇన్వాయిస్ కొట్టేశారు, ఎందుకంటే నెలాఖరు టార్గెట్ వాళ్లకి తేదీతో సహా ఉంటుంది, టెంటేటివ్ కాదు. అందులో ఛాసిస్ నంబరు కూడా ఉంది. నా కారుకి ఆధార్ వచ్చింది, మనిషే రావాలి. ఇన్సూరెన్స్ కూడా ఆ రోజు నుంచే మొదలు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2018 నుంచి తప్పనిసరి. అది నడుస్తోంది. రోడ్డెక్కని బండి కాబట్టి ఇంతవరకు ఎవర్నీ గుద్దలేదు. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో అత్యంత సురక్షితమైన డ్రైవర్ని నేనే.

‘బండేదయ్యా?’ అన్నాను. అప్పుడు విన్నాను ఆ దివ్యమంత్రం: ‘ట్రాన్సిట్‌లో ఉంది సార్.’

చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో ట్రైలర్ ఎక్కిందట. చెన్నై నుంచి బెజవాడ సుమారు 450 కిలోమీటర్లు, ఒకటే హైవే, పక్కకి తిరగాల్సిన పనే లేదు. పినాకిని ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి చెన్నైలో దించుతుంది. ఆ ట్రైలర్ మాత్రం దసరా వెళ్లినా, దీపావళి వెళ్లినా, కార్తీక సోమవారాలు ఒక్కొక్కటే జారిపోతున్నా వస్తూనే ఉంది. నేనా డ్రైవర్ని ఎప్పుడూ చూడలేదు గానీ, రోజూ తలుచుకుని తలుచుకుని ఆయన ఇప్పుడు మా ఇంట్లో మనిషైపోయాడు. సూళ్లూరుపేట దగ్గర టీకి ఆగి ఉంటాడు. అక్కడికి కూతవేటు దూరంలోని శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 2023 జులై 14న బయల్దేరి ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. నలభై రోజులు. చంద్రుడు మూడు లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, మధ్యలో ఒక్క ధాబా కూడా లేదు. మావాడు టీ ముగించి నెల్లూరు చేరి చేపల పులుసు తిని ఉంటాడు, అది తిన్నవాడు వెంటనే లేవలేడు కాబట్టి అక్కడో వారం వేసుకోండి. ఒంగోలులో ఎడ్లపందేలు చూసి మనసుపడి గిత్తల జత కొన్నాడేమో. ట్రైలర్‌కి అవే కట్టి లాగిస్తున్నాడన్నది మా ఆవిడ అనుమానం, దూరానికీ కాలానికీ లెక్క వేస్తే సరిగ్గా సరిపోయింది కూడా. చిలకలూరిపేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పిల్లల్ని బళ్లో వేశాడు. రేషన్ కార్డుకి దరఖాస్తు పెట్టుకున్నాడు, అది తొందరగానే వస్తుంది, నా కారు కంటే తొందరగా. గుంటూరు మిర్చి యార్డులోకి పొరపాటున తిరిగి మిర్చి బస్తాల లారీల వెనక ఇరుక్కుని, తుమ్ముతూ, టర్న్ కోసం చూస్తున్నాడు. అదృష్టం బాగుండి అక్కడి నుంచి బయటపడ్డా, కాజ టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఉండదు. రీఛార్జ్ ఎవరు చేయిస్తారు? షోరూమువాళ్లు. ఎప్పుడు? మేనేజర్ గారు మీటింగ్ నుంచి బయటికొచ్చాక.

ఈలోగా నాకు మొదట మాటిచ్చిన సేల్స్ కుర్రాడు ఉద్యోగం మానేశాడు. కొత్తగా వచ్చినతను ‘ఆయన మీకేం చెప్పాడో నాకు తెలీదు సార్, మళ్లీ మొదట్నుంచి చెప్పండి’ అన్నాడు. మొదట్నుంచి చెప్పాను. పాత కుర్రాడు ఎదురు షోరూములో చేరి నాకే ఫోన్ చేశాడు: ‘సార్, మీరింకా వెయిటింగే కదా, ఇక్కడ రెడీ స్టాక్ ఉంది.’ వాడి ధైర్యానికి నాకు ముచ్చటేసింది.

వెళ్లి కూర్చున్నప్పుడల్లా ఇంకొకరి డెలివరీ చూడాల్సి రావడం అదనపు శిక్ష. ఎర్ర శాటిన్ గుడ్డ కప్పిన కారు, నెత్తిన రిబ్బను పువ్వు, మనిషెత్తు అట్ట తాళంచెవి. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. గుడ్డ లాగగానే ఖాళీగా ఉన్న సేల్స్ పిల్లలంతా వచ్చి చప్పట్లు కొడతారు. మొన్న ఓ పెద్దావిడ వెనక సీట్లో ఎక్కి కూర్చుని, ఫోటో అయిపోయినా దిగనంది. ‘దిగితే మళ్లీ ఏం పేచీ పెడతారో, నేను దిగనురా’ అని కొడుకుతో గట్టిగానే అంది. అనుభవం మాట్లాడుతోంది. ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

మా నాన్నగారి తరంలో స్కూటర్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూశారని మనం నవ్వుకుంటాం. మొదటి మారుతి 800 తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ ఓ ఢిల్లీ ఉద్యోగి చేతికిచ్చారు, ఆయన పేరు లాటరీలో వచ్చింది. అది పర్మిట్ల కాలం, దిక్కుమాలిన కాలమే, కాదనను. కానీ ఆ దిక్కుమాలిన కాలంలో బుక్ చేసుకున్నవాడికి ఓ నంబరుండేది. నా ముందెంతమంది ఉన్నారు అని అడిగితే ఏడుపు మొహంతోనైనా సమాధానం చెప్పేవారు. 1991 తర్వాత కస్టమరే దేవుడన్నారు. ఇప్పుడు దేవుడికి నంబరే లేదు. జాబితా ఉందా అంటే ఉంది, చూపించండి అంటే సిస్టమ్‌లో ఉంది, సిస్టమ్ చూపించమంటే మేనేజర్ లాగిన్ కావాలి. నా తర్వాత బుక్ చేసినాయన, ఎవరో నాయకుడి తాలూకట, నా కళ్లముందే అదే మోడల్ తీసుకెళ్లి పెదకాకాని గుళ్లో పూజ కూడా చేయించేశాడు. ఆయన కారు చెన్నై నుంచి ట్రాన్సిట్‌లో రాలేదా మరి? ఎగిరొచ్చిందా?

నా సంగతి వదిలెయ్యండి. నాకు పాత స్కూటర్ ఉంది, సిటీ బస్సు ఉంది, ఇలా రాసుకోవడానికి తీరికా ఉంది. మా ఇంటికి కూరగాయలు తెచ్చే సింగ్‌నగర్ అతని సంగతి చెప్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మీద పడినప్పుడు అతని ట్రాలీ ఆటో రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆటోనగర్‌లో ఇంజను విప్పించి, మళ్లీ బిగించి, ఏడాది ఈడ్చాడు. ఇక లాభం లేదని కొత్తది బుక్ చేశాడు. డౌన్ పేమెంట్ కోసం ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టాడు. ఫైనాన్స్‌వాళ్లు మిగతా డబ్బు నేరుగా డీలర్‌కి పంపేశారు. బండి రాలేదు. ఈఎంఐ వచ్చింది. అది మాత్రం ట్రాన్సిట్‌లో ఆగలేదు, చెప్పిన తేదీకి, చెప్పిన రోజుకి, అకౌంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. ఇప్పుడతను ఇంకొకరి ఆటో రోజు కిరాయికి తీసుకుని తోలుతున్నాడు, చేతికి రాని ఆటోకి ఈఎంఐ కట్టడానికి. ‘కిరాయి పోగా ఏం మిగలట్లేదు గురువుగారూ, బండొస్తే సర్దుకుంటది’ అంటాడు. అతనికి కోపం కూడా రావట్లేదు. అదే నాకు ఒళ్లు మండిస్తోంది.

ఆ డబ్బు మీద వడ్డీ ఎవరు తింటున్నారు? డీలర్ చేతిలో డబ్బు పడ్డాక కూడా బండి ఇవ్వకపోతే ఈఎంఐ ఎవరు కట్టాలి? అతనెందుకు కట్టాలి? వినియోగదారుల చట్టం 2019లో కొత్తగా వచ్చింది, సేవాలోపమంటే ఏమిటో అందులో రాసుంది, ఫిర్యాదుకి 1915 అని నంబరుంది, అన్నీ ఉన్నాయి. వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగాలంటే రోజు కిరాయి పోతుంది, అది వీళ్లకి తెలుసు. తెలిసే ఆడుతున్నారు. ఏసీ గదిలో కూర్చుని ‘కొంచెం ఓపిక పట్టు’ అని అతనికి చెప్పినవాడి నెల జీతం ఒక్క రోజు ఆలస్యమైతే ఊరుకుంటాడా? తేదీ రాయండి. కాగితం మీద, ఇంకుతో, అంకెల్లో రాయండి. దాటితే రోజుకింత మీరు కట్టండి. టైముకి కట్టకపోతే మా దగ్గర ఫైన్ గుంజే తెలివి ఉన్నవాళ్లకి ఈ చిన్న లెక్క రాదా?

నిన్న కంపెనీ హెడ్డాఫీసు నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసింది. డెలివరీ అనుభవానికి పదికి ఎన్ని మార్కులేస్తారంది. డెలివరీ కాలేదమ్మా అన్నాను. ‘ఆ ఆప్షన్ లేదండీ, ఒకటి నుంచి పది లోపు చెప్పాలి’ అంది. ఆ అమ్మాయి తప్పేముంది, పాపం. ఫోన్ పెట్టేసిన మరుక్షణం షోరూము నుంచి కొత్త కుర్రాడు: ‘సార్, పదికి పది ఇవ్వండి సార్, తొమ్మిదిచ్చినా నా ఇన్సెంటివ్ పోతుంది.’ బండి ఎక్కడుందన్నాను. మళ్లీ అదే మంత్రం.

ఇవాళ పొద్దున్న సర్వీస్ సెంటర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఇన్వాయిస్ తేదీ నుంచి నెల దాటింది కాబట్టి నా కారుకి మొదటి ఫ్రీ సర్వీసు చేయించుకోవాలట, ఆలస్యం చేస్తే వారంటీకి ఇబ్బందట. వెంటనే స్లాట్ బుక్ చేశాను. పికప్ సౌకర్యం కావాలా అని అడిగారు, కావాలని నొక్కి, అడ్రస్ దగ్గర వాళ్ల షోరూము అడ్రసే రాశాను.